బట్టమేక పిట్ట తిరిగిన బీడు

మంట దగ్గరికి జరగండి పిల్లోల్లారా. నాయనా, ఆ కందికట్టె ఇంకో రెండు పుల్లలు వెయ్యి. బుడ్డలు కాలేదాకా ఒక ముచ్చట చెప్తా, ఇనండి.

పొద్దున చిన్నోడు ఇస్కూలు పుస్తకంలో ఒక బొమ్మ చూపిచ్చి, "తాతా, ఈ పక్షి రాజస్థాన్‌లో ఉంటాదంట, నువ్వెప్పుడన్నా పోయి చూసినావా?" అని అడిగె. ఆ మాటకు నాకు గుండె కలుక్కుమనె. ఆ బొమ్మలో ఉండేది బట్టమేక పిట్ట. దాన్ని చూడనీకి నేను రాజస్థాన్ పోవల్సిన పనే లేకుండె. మనకు పడమట, మిడుతూరు పక్క రోళ్లపాడు బీళ్లల్లో గొర్లు మేపుకుంటా చూసినోన్ని నేను. నా మనవడు దాన్ని బొమ్మలో చూసి ఎక్కడిదో దేశంకాని దేశం పిట్ట అనుకుంటాండాడు. తప్పు వానిది కాదు. చెప్పాల్సినోల్లం మేము చెప్పలేదు.

మన పాములపాడు యాడుందో ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. తూర్పు దిక్కు నల్లమల. పులి తిరిగే అడివి. 1983లోనే ఆ అడివిని నాగార్జునసాగర్, శ్రీశైలం పులుల అభయారణ్యం చేసినారు. అడివంటే మనకు ముందునుంచీ భయం ఉండాది, భక్తి ఉండాది, చెంచోల్ల కథలుండాయి. పడమటికి తిరిగితే చెట్టూ చేమా లేని బీళ్లు. ఎంత దూరం చూసినా గడ్డే. నడుమ నడుమ జొన్న చేన్లు, కొర్ర చేన్లు, రేగు పొదలు. బీడంటే ఎవురికీ భయం లేదు, భక్తీ లేదు. "అది వట్టి బీడు లేప్పా" అంటాంటిమి. ఆ 'వట్టి' అనే మాటే కొంప ముంచింది.

వట్టి బీడు కాదు అది. నల్లమచ్చ కృష్ణజింకలు మందలు మందలుగా దూకుతాండె. తోడేళ్లుండె. గుంటనక్కలుండె. వానలు పడి గడ్డి మోకాలెత్తు లేస్తే నేల నెమలి కనపడుతుండె. మగది ఉన్నట్టుండి గడ్డిలోనుంచి పైకెగిరి మళ్లా దబుక్కున దిగుతుండె, చెండెగరేసినట్టు. అట్ల ఎగిరి ఎగిరి ఆడదానికి తన జాడ చెప్తుండె. ఇంక అందరికంటే పెద్దది బట్టమేక పిట్ట.

ఎంతుంటాదంటావా అమ్మీ? నిలబడితే నీ నడుము దాటుతాది. మగపిట్ట 15 కేజీల దాకా తూగుతాది. ఎగిరే పక్షుల్లో అంత బరువుండేవి లోకంలోనే చానా తక్కువ. తెల్లటి పొడుగు మెడ, నెత్తిన నల్లటి టోపీ పెట్టినట్టు జుట్టు, గోధుమరంగు వీపు. నడక చూడాల, ఊరి పెద్దమనిషి పంచె ఎత్తి పట్టుకోని చేను గట్టున నడిచినట్టు నిదానంగా. మిడతలు, పురుగులు, తొండలు తింటాది. రేగుపండ్లన్నా ఇష్టమే. చేన్లో పురుగును ఏరి తినే పిట్ట రైతుకు సుట్టమే కదా.

వానాకాలం పొద్దుగాల మగపిట్ట మిట్ట మీద నిలబడి మెడకింద తెల్లటి తిత్తి ఊదుకుంటాది. అది నేలకు తగిలేంత వేలాడతాది. తోక ఎత్తి, రెక్కలు జార్చి, 'హూమ్' అని గొంతులోనే ఒక మోత చేస్తాది. యాడనో దూరాన ఎద్దు రంకేసినట్టుంటాది ఆ మోత. గాలి మనపక్క తిరిగితే చానా దూరం ఇనపడుతుండె. చీకటితోనే మంద లేపేటప్పుడు ఆ మోత ఇని మా జేజినాయన, "ఇంక వానలకు కొదవ లేదు" అంటాండె.

ఇప్పుడు మీకు ఒక మాట చెప్పాల. ఇంతవరకూ ఎవురికీ చెప్పింది కాదు.

నాకప్పుడు పదేండ్లుంటాయి. శ్రావణమాసం. మంద వెనకాల ఒగన్నే నడుస్తాంటే కాళ్ల ముందరనుంచి ఒక బట్టమేక పిట్ట భగ్గున లేచె. ఆ రెక్కల గాలికి నేను ఎనక్కి పడితిని. లేచి చూస్తే అది కూర్చున్న కాడ గూడు లేదు, పుల్లలు లేవు. ఉత్త నేల మీద ఒక గుడ్డు. పాచిరంగు, మీద గోధుమరంగు మచ్చలు. ముట్టుకుంటే వెచ్చగా ఉండె. నేను దాన్ని తువ్వాలలో చుట్టుకోని పరిగెత్తితిని, జేజినాయనకు చూపిద్దామని. ఆయన చూసి, "ఎన్నుండె రా?" అన్యాడు. "ఒక్కటే" అంటి. ఆయన మొగం మాడిపాయ. "ఆ పిట్ట ఏడాదికి పెట్టేదే ఒక్కటి రా అబ్బీ" అన్యాడు.

ఇద్దరం ఎనక్కి పోతిమి. గడ్డి బీట్లో గుర్తు యాడుంటాది? ఇదే అయ్యుంటాదిలే అని ఒకకాడ పెట్టి వస్తిమి. మర్నాడు పోయి చూస్తే పెంకులు మిగిలుండె. నక్క తిన్యాదో, ఇంకేం తిన్యాదో. ఆ తల్లి పిట్ట మాత్రం ఆ చుట్టుపక్కల్నే నాలుగు దినాలు తిరిగె. నేను మందను ఇంకో దిక్కు తోలుకపోతిని, దాన్ని చూల్లేక.

ఆ పిట్ట ఒక్కటే గుడ్డు పెడతాదన్న సంగతి జేజినాయనకు తెలుసు. నాకు చెప్పినాడు కూడా. కానీ గుడ్డు తీసినాంక చెప్పినాడు. ముందే చెప్పింటే నేను చెయ్యి పెట్టకపోదును. అందుకే మీకు ముందుగానే చెప్తన్నా.

అప్పట్లో తుపాకులేసుకోని జీపుల్లో వేటకు వచ్చేటోల్లు కూడా ఉండిరి. చెట్టు చాటు లేని బీట్లో అంత పెద్ద పిట్ట యాడ దాక్కుంటాది? 1972లో వన్యప్రాణి చట్టం వచ్చె. బట్టమేక పిట్టను చంపితే జైలే అన్యారు. ఆ చట్టానికి ముందే సలీం అలీ అనే పెద్దాయన, మన దేశంలో పిట్టల సంగతి ఆయనంత తెలిసినోల్లు లేరు, ఈ పిట్టనే జాతీయ పక్షి చేయమని అడిగినాడు. 1963లో నెమలిని చేసినారు. నెమలిని మన దేశంలో ఎరగనోల్లు లేరు. బట్టమేక పిట్టను ఎరిగినోల్లే తక్కువ.

1980 దాటినాంక బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు రోళ్లపాడు బీళ్లకు వచ్చిరి. అసద్ రహ్మానీ సారు, ఆయనతో పాటు చదువుకున్న పిల్లోల్లు. దుర్భిణీలు పెట్టుకోని ఎండలో, వానలో పిట్టలను చూసుకుంటా రాసుకుంటాండ్రి. మేం గొర్ల కాపరులం విచిత్రంగా చూస్తాంటిమి. దినామూ మా కండ్ల ముందర తిరిగే పిట్టను చూడనీకి బొంబాయి నుంచి రావల్నా అనుకుంటిమి. అది లోకంలో ఎంత తక్కువ మిగిలిందో మాకేం తెలుసు? 1988లో రోళ్లపాడును అభయారణ్యం చేసినారు. 6 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మన లెక్కన సుమారు 1,500 ఎకరాలు.

మరి అభయారణ్యం చేసినాంక పిట్టలు పెరగాల కదా తాతా అని అడుగుతాండావు. మంచి మాట అడిగినావు నాయనా. కృష్ణజింకలు పెరిగినాయి. కంచెలో గడ్డి మేసి, రాత్రి కంచె దాటి చేన్లమీద పడ్నాయి. రైతు ఏడాదంతా చేసిన కష్టం ఒక్క రాత్రికి పాయ. ఆయన కడుపు మండదా? జింకల మీద కోపం అభయారణ్యం మీదికి తిరిగె, అక్కడ్నుంచి పిట్ట మీదికి పాయ. రైతును పక్కన పెట్టి ఏ జీవినీ కాపాడలేం, ఇది నా కండ్లతో చూసిన సంగతి.

ఇంకోటి, బట్టమేక పిట్టకు కంచె తెలీదు. దానికి 1,500 ఎకరాలు యాడ సాలుతాది? గుడ్డు కంచె లోపల పెట్టినా, తిండికి బయటి జొన్న చేన్లు, బీళ్లు కావల్ల. ఆ బయటంతా మారిపాయ. మన మండలంలోనే బానకచెర్ల కాడ చూడండి, శ్రీశైలం నీళ్లు మూడు దారులై పోతాయి. రోళ్లపాడు దగ్గర్నే అలగనూరు రిజర్వాయరు కట్టిరి. నీళ్లు వద్దని నేను అనను. ఈ సీమలో పుట్టినోడు ఎవుడంటాడు ఆ మాట? కరువులో బాయి అడుగున చెంబుతో నీళ్లు తోడుకున్నోల్లం మేము. కానీ నీళ్లు వచ్చినాంక బీడంతా దున్ని, జొన్న, కొర్ర వేసిన కాడ వేరే పైర్లు వేస్తిమి. పురుగుమందు కొడితిమి, మిడతలు పాయ. ఊరకుక్కలు ఎక్కువాయ. కరెంటు తీగలు గుంజిరి. ఆ పిట్ట కండ్లు పక్కలకు ఉంటాయి, ఎగిరేటప్పుడు ఎదురుగుండా ఉన్న తీగ దానికి సరిగా కనపడదు. కనపడినా అంత బరువుతో గబుక్కున తిరగలేదు. తీగకు కొట్టుకుంటే సావే.

ఇప్పుడు లోకం మొత్తంలో బీళ్లల్లో తిరిగేవి 150 దాకానే ఉండాయంటాండారు. ఉండేవి చానా మటుకు రాజస్థాన్‌లో జైసల్మేరు ఎడారి పక్కన. అందుకే మీ పుస్తకంలో రాజస్థాన్ పేరు పెట్టిరి. తీగలు నేలలో పూడ్చే సంగతి మీద 2021లో, మళ్లా 2024లో సుప్రీంకోర్టు తీర్పులిచ్చె. జైసల్మేరు కాడ గుడ్లు పొదిగించి పిల్లలను పెంచే కేంద్రం పెట్టినారు. 2024 అక్టోబరులో ఆడ కృత్రిమ గర్భధారణతో ఒక పిల్ల పుట్టె. ఒక్క పిల్ల పుడితే దేశమంతా పేపర్లలో రాసినారు. నేను ఆ పేపరు చదువుతా మా బీట్లో పగిలిపోయిన గుడ్డును తల్చుకుంటిని.

అన్నీ పోయిన కథలే చెప్తాండాడు తాత అనుకోవద్దు. మిగిలిన కథ కూడా ఉండాది. ఆళ్లగడ్డ దాటి కడప పక్కకు పోతే లంకమల కొండలుండాయి. ఆడ కలివి కోడి అనే పిట్ట ఉండాది. తీతువు కంటే కొంచెం చిన్నది, రాత్రుల్లో పొదల నడుమ తిరుగుతాది. 1900 తర్వాత దాన్ని చూసినోల్లు లేకపాయ. అంతరించిపాయ అని పెద్ద పెద్దోల్లు రాసేసినారు. 86 ఏండ్లకు, 1986 జనవరిలో, సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె కాడ దొరికె. పట్టుకునింది ఎవురనుకుంటాండారు? ఆ ఊరి మనిషే. పిట్ట పేరు, తిరిగే చోటు, తిరిగే యాళ ఆయనకు తెలుసు. పుస్తకాల్లో సచ్చిపోయిన పిట్ట ఊరోల్ల నోట్లో బతికుండె. ఆ తర్వాత ఆడ అభయారణ్యం పెట్టినారు. తెలుగుగంగ కాలువ ఆ పిట్ట తిరిగే పొదల్లోనుంచి పోతాందని తెలిసి కాలువ దారినే మార్చినారు. నీళ్లు ఆగలా, పిట్ట చోటూ పోలా. మనసు పెడితే రెండూ అవుతాయి.

మన పక్కూరి సంగతి మీకు గుర్తుండాది కదా? 2023 మార్చిలో కొత్తపల్లె మండలం పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులిపిల్లలు కనపడె. కుక్కలు కొరుకుతాయని ఊరోల్లు వాటిని ఒక గదిలో పెట్టి, అడివి శాఖోల్లకు కబురు చేసిరి. తల్లి పులి కోసం వాళ్లు దినాల తరబడి ఎతికినారు, కలపల్లని చూసినారు. కుదరకపోయేసరికి తిరుపతి జూకు పంపినారు. పిల్లలు తల్లికాడికి చేరలా, ఆ బాధ నాకుండాది. కానీ పులి పిల్లలను చూసి ఒక్కరూ కట్టె ఎత్తలేదు చూడండి. ఎందుకంటే పులి ఎంత తక్కువుందో ఆ ఊరోల్లకు ముందే తెలుసు. ముందే తెలిసుంటే మనిషి చెయ్యి మంచి పక్కకే పోతాది.

కాబట్టి మీరు నాకు మాటివ్వాల. బీట్లో నేలమీద గుడ్డు కనపడితే, అది బట్టమేకది కానీ, పూరీడు పిట్టది కానీ, తీతువుది కానీ, ముట్టుకోగూడదు. కాలు ఎనక్కి తీసుకోని వచ్చిన దోవనే రావల్ల. కుక్కను ఎంట తీసుకపోగూడదు. ఎండిన గడ్డికి సరదాకు అగ్గి పెట్టగూడదు. యాడన్నా పిట్ట తీగకు తగిలి పడుంటే మీ సారుకో, అడివి శాఖోల్లకో చెప్పాల. మీ నోట 'వట్టి బీడు' అనే మాట రాగూడదు. అది గడ్డి బీడు. గొర్లకు మేత, జింకకు ఇల్లు, పిట్టకు పురుడు పోసే చోటు. నేను చెప్పిన పేర్లన్నీ మళ్లా ఒకసారి చెప్పండి చూద్దాం: కృష్ణజింక, తోడేలు, గుంటనక్క, నేల నెమలి, కలివి కోడి, బట్టమేక పిట్ట. పేరు తెలిసినోనికే అది లేకపోతే లోటు తెలుస్తాది.

వచ్చే ఆదివారం మిమ్మల్ని రోళ్లపాడుకు పిల్చకపోతా. బట్టమేక పిట్ట కనపడుతాదని మాటియ్యలేను, నాకే దాన్ని చూసి చానా ఏండ్లాయ. కృష్ణజింకలు మాత్రం కనపడతాయి. నేను గుడ్డు తీసిన బీట్లో మీరు నిలబడల్ల, అంతే.

బుడ్డలు కాలినాయి, తీసుకోండి. తింటా తింటా ఒక్కటి గట్టిగా గుర్తు పెట్టుకోండి: బట్టమేక పిట్ట ఏడాదికి పెట్టేది ఒక్కటే గుడ్డు.