పుప్పొడి జలుబు: రెండు వందల ఏళ్ల వైద్యం

ఏటా జూన్ రాగానే కళ్లు మండి నీళ్లు కారేవి, తుమ్ములు ఆగేవి కావు, ఛాతీ పట్టేసేది. జాన్ బోస్టాక్ అనే ఇంగ్లీషు వైద్యుడికి ఎనిమిదో ఏట మొదలైన ఈ బాధ నలభై దాటినా వదల్లేదు. 1819లో లండన్‌లోని వైద్యుల సభలో ఆయన ఒక రోగి వివరాలు చదివి వినిపించాడు. ఆ రోగి ఆయనే. తొమ్మిదేళ్ల తర్వాత మరో 28 మంది వివరాలు కూడగట్టి ఇంకో వ్యాసం రాశాడు. ఇవాళ హే ఫీవర్ అంటున్న వ్యాధి ఆధునిక వైద్యంలోకి వచ్చింది ఆ రెండు వ్యాసాలతోనే.

అంతకుముందు ఎవరూ గమనించలేదని అనలేం. వసంతంలో గులాబీలు పూసే వేళ వచ్చే జలుబు గురించి వెయ్యేళ్ల క్రితమే పర్షియా వైద్యుడు అల్ రాజీ రాశాడు. మన చరకసంహిత ప్రతిశ్యాయానికి, అంటే జలుబుకు, చెప్పిన కారణాల్లో ధూళి ఉంది. ముక్కులో మందు వేసే నస్యకర్మ ఆయుర్వేదానికి కొత్త కాదు. అయితే ఏటా ఒకే రుతువులో వచ్చి, దానంతటదే తగ్గిపోయే ఈ జలుబు వెనక ఏముందన్నది మాత్రం అప్పటికి తేలలేదు.

బోస్టాక్ చేయించుకోని వైద్యం లేదు. నెత్తురు తీయించుకున్నాడు, విరేచనాలకు పుచ్చుకున్నాడు, నల్లమందు వాడాడు. ఏదీ పనిచేయలేదు. కెంట్ తీరంలో, రామ్స్‌గేట్ దగ్గర సముద్రానికి ఎదురుగా ఇల్లు తీసుకుని గడిపిన వేసవుల్లోనే ఆయనకు కాస్త ఊరట దొరికింది. సముద్రం మీంచి వచ్చే గాలిలో పుప్పొడి తక్కువన్న సంగతి ఆయనకు తెలియదు. కారణం వేసవి ఎండేనని నమ్మాడు.

అసలు కారణాన్ని పట్టుకున్నవాడు మాంచెస్టర్‌లోని ఒక హోమియో వైద్యుడు. పేరు చార్లెస్ హారిసన్ బ్లాక్లీ. ఈ చరిత్ర మొత్తంలో నాకు అందరికంటే ఆప్తుడు ఆయనే. తానూ ఈ రోగంతో బాధపడుతూ, 1859 నుంచి దాదాపు పద్నాలుగేళ్లు తన శరీరం మీదే ప్రయోగాలు చేశాడు. ఎండ, దుమ్ము, ఓజోన్, ఎండుగడ్డి వాసననిచ్చే కూమరిన్, ఇలా అప్పట్లో అనుమానం ఉన్నవాటన్నిటినీ ఒక్కొక్కటిగా పరీక్షించాడు. గడ్డి పుప్పొడి పీల్చినప్పుడు మాత్రం తుమ్ములు వచ్చేవి, పుప్పొడి రుతువు కాని చలికాలంలో సైతం. ముంజేతి చర్మాన్ని కాస్త గీరి, తడిపిన పుప్పొడిని దాని మీద పెట్టి కట్టు కట్టాడు. ఆ చోట దురద పెట్టి దద్దురు లేచింది. ఇవాళ ఎలర్జీ క్లినిక్‌లో మన చేతి మీద చుక్కలు వేసి చేసే ప్రిక్ టెస్టుకు మూలం అదే.

అక్కడితో ఆగలేదు. జిగురు పూసిన గాజు పలకలను ఆరుబయట పెట్టి, వాటికి అంటుకున్న పుప్పొడి రేణువులను మైక్రోస్కోపు కింద రోజూ లెక్కపెట్టాడు. గాలిలో పుప్పొడి పెరిగిన రోజునే తన బాధా పెరుగుతోందని ఆ లెక్కలో తేలింది. తర్వాత ఆ పలకలను గాలిపటాలకు కట్టి వెయ్యి అడుగులకు పైకి ఎగరేశాడు. అంత ఎత్తులోనూ పుప్పొడి దొరికింది. గడ్డిభూములు కనుచూపు మేరలో లేని నగరవాసికి కూడా ఈ బాధ ఎందుకు వస్తుందో దాంతో అర్థమైంది. 1873లో ఇదంతా పుస్తకంగా వేశాడు. దాన్ని చదివినవారిలో చార్లెస్ డార్విన్ ఒకడు. రోజంతా పుప్పొడిలో మెలిగే రైతులకు ఈ రోగం అరుదుగా వస్తోందన్న విషయం కూడా బ్లాక్లీ గుర్తించాడు.

ఇక బ్లాక్లీ వృత్తి అయిన హోమియోపతి సంగతి. దాని మూలసూత్రం ఆ వైద్యాన్ని స్థాపించిన హానిమన్‌ది. ఒక పదార్థం ఆరోగ్యవంతుడిలో ఏ లక్షణాలు పుట్టిస్తుందో, రోగిలో అవే లక్షణాలను తగ్గిస్తుందని 1796లో ఆయన ప్రకటించాడు. ఉల్లిపాయ తరిగితే కళ్లూ ముక్కూ కారతాయి కనుక హే ఫీవర్‌కు ఉల్లితో చేసిన ఎల్లియం సెపా ఇస్తారు. కళ్ల మంటే ఎక్కువగా ఉంటే యుఫ్రేసియా, తుమ్ములు వరసగా వస్తుంటే సబడిల్లా. చిక్కంతా మోతాదులో ఉంది. 30 పొటెన్సీ అంటే నూటికి ఒక వంతు చొప్పున ముప్పైసార్లు పలచన చేసిన మందు. పన్నెండు సార్లు దాటాక అసలు పదార్థం ఒక్క అణువైనా మిగలడం దాదాపు అసాధ్యమని రసాయన శాస్త్రం చెబుతుంది.

1911లో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో లెనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి సారాన్ని కొలిచి, కొద్దికొద్దిగా పెంచుతూ సూదిమందుగా ఇచ్చాడు. పుప్పొడిలో విషం ఉందన్న ఆయన ఊహ తప్పే అయినా, పద్ధతి ఫలించింది. బాధపెట్టేదాన్నే కొంచెం కొంచెంగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే ఇమ్యునోథెరపీ నేటికీ సాగుతోంది. పైకి హోమియో సూత్రంలాగే కనిపిస్తుంది గానీ, ఇందులో ఇచ్చే పుప్పొడి కొలతకు అందుతుంది, ఒంట్లో వచ్చే మార్పు రక్తపరీక్షలో కనిపిస్తుంది.

హోమియోకూ పరీక్షలు జరిగాయి. 1986లో గ్లాస్గోకు చెందిన డేవిడ్ రీలీ బృందం 144 మంది హే ఫీవర్ రోగులలో సగం మందికి పుప్పొడి 30 పొటెన్సీ, మిగతా సగానికి మందు లేని ఉత్త మాత్రలు ఇచ్చింది. మందు పడ్డవారికి లక్షణాలు ఎక్కువగా తగ్గాయని లాన్సెట్‌లో ప్రచురించింది. పెద్ద దుమారమే రేగింది. అదే బృందం 2000లో ఏడాది పొడవునా ఉండే ఎలర్జీ జలుబుపై చేసిన పరీక్షలో ముక్కులో గాలి ఆడటం మెరుగైనా, రోగులు తమ బాధకు తామే వేసుకున్న మార్కుల్లో తేడా రాలేదు. 2002లో ఇంటి దుమ్ము ఎలర్జీ ఉన్న 242 మంది ఆస్తమా రోగులపై మరో బృందం చేసిన పరీక్షలో మందుకూ ఉత్త మాత్రకూ తేడా కనబడలేదు. 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధనా మండలి ఆధారాలన్నీ తిరగేసి, హోమియోపతి కచ్చితంగా పనిచేస్తుందని చెప్పదగ్గ జబ్బు ఒక్కటీ లేదని తేల్చింది. ప్రయోగంతో నిగ్గు తేల్చే దారి చూపింది హోమియో వైద్యుడైన బ్లాక్లీయే కనుక, ఈ ఫలితాలను ఒప్పుకోవడమే ఆయనకు ఇచ్చే గౌరవమని నా అభిప్రాయం.

తెలుగునాట హోమియో వేళ్లు లోతుగా ఉన్నాయి. గుడివాడ హోమియో కళాశాల పాతది. సరోజినీ నాయుడు కుమారుడు జయసూర్య హైదరాబాదులో హోమియో వైద్యుడిగా పేరు పొందారు. జనం అటు వెళ్లడానికి కారణాలూ ఉన్నాయి. హోమియో డాక్టరు తీరిగ్గా కూర్చోబెట్టి అడుగుతాడు, ఖర్చు తక్కువ. పాతతరం ఎలర్జీ మాత్ర వేసుకుంటే మధ్యాహ్నమంతా మత్తు. ఆ ఇబ్బంది నిజమే. అయితే మత్తు అంతగా రాని మాత్రలు, ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రేలు ఇప్పుడు ఉన్నాయి. పిల్లికూతలు, ఆయాసం ఉన్నవాళ్లు తీపి గుళికల మీద భరోసాతో ఇన్‌హేలర్ మానేయడం ప్రాణానికే ప్రమాదం.

ప్రకృతి నుంచి వచ్చిన మందులేవీ పనిచేయవని ఈ చరిత్ర చెప్పడం లేదు. 1885లో జపాన్ శాస్త్రవేత్త నాగాయ్ ఎఫిడ్రా మొక్క నుంచి ఎఫిడ్రిన్ అనే మందును వేరుచేశాడు. ఈజిప్టువాళ్లు తరతరాలుగా వాడిన ఖెల్లా మొక్కలోని పదార్థం వెంట సాగిన పరిశోధనే క్రోమోగ్లైకేట్ అనే మందుకు దారితీసింది. ఆస్తమా రోగి అయిన రోజర్ ఆల్టూన్యన్ దాన్ని తన మీదే పరీక్షించుకున్నాడు. స్థానిక తేనె తింటే తగ్గుతుందన్న మాట మాత్రం నిలబడలేదు. తేనెటీగ మోసుకొచ్చేది పూలలోని బరువైన పుప్పొడి, మనల్ని తుమ్మించేది గాలికి కొట్టుకొచ్చే గడ్డీ కలుపుమొక్కల పుప్పొడి.

నిలబడినవాటిలో జలనేతి ఒకటి. లీటరు నీటికి తొమ్మిది గ్రాముల ఉప్పు వేసి ముక్కు కడిగితే పుప్పొడి, చీమిడి రెండూ కొట్టుకుపోతాయి. ఉపశమనం ఓ మోస్తరే, కానీ నిజమైనదే. నీళ్లు మరిగించి చల్లార్చినవే కావాలి. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు మెదడు తినే అమీబా సోకి చనిపోయారు.

మన దగ్గర ఇలా పుప్పొడితో ఇబ్బందిపెట్టే మొక్కల్లో వయ్యారిభామ ఒకటి. 1950ల్లో పూణే ప్రాంతంలో మొదట కనబడిన ఈ కాంగ్రెస్ గడ్డి ఇప్పుడు ప్రతి పొలంగట్టు మీదా, ఖాళీ స్థలంలోనూ ఉంది. దాని పుప్పొడి ముక్కుకు, ఆకు స్పర్శ చర్మానికి పడదు. దీన్ని అరికట్టడానికి మెక్సికో నుంచి జైగోగ్రామా అనే పురుగును తెచ్చి 1984లో బెంగళూరులో వదిలారు. వానాకాలంలో అది ఆకులు తినేస్తుంది. అది చేరని చోట, తెల్లపూలు విచ్చకముందే, చేతికి తొడుగు వేసుకుని మొక్కను వేరుతో సహా పీకేయాలి.