పెనుగొండకు ఎనిమిది దినాల దారి

కొన్నేళ్ళ క్రిందట ఒకనాటి ఉదయం ధర్మవరంలో ముదిగుబ్బ బస్సు కోసం వేచి ఉండగా ఒక విదేశీయుడు నా దగ్గరకు వచ్చాడు. పెనుకొండ కోట చూడబోతున్నాడట. రైలెక్కడం మేలా, బస్సు మేలా, కారు మాట్లాడుకోవడమే ఉత్తమమా అని అడిగాడు. ఎంతసేపు పడుతుంది, ఎంత ఖర్చవుతుంది, ఎక్కడ దిగాలి అని వరుసగా ప్రశ్నించాడు. తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికినవాణ్ణి, నాకు వచ్చిన ఇంగ్లీషులో ఏదో చెప్పి బస్సెక్కించి పంపాను. అతడు వెళ్ళిపోయిన తర్వాత నాకొక సంగతి స్ఫురించింది. ఇన్ని అడిగినవాడు దారిలో దొంగల భయమున్నదా అని మాత్రం అడగలేదు. అడగవలసిన ప్రశ్నగా అది అతనికి తోచలేదు. చెప్పవలసిన మాటగా నాకూ తోచలేదు.

నాలుగున్నర శతాబ్దాల క్రిందట మరొక విదేశీయుడికి ఆ ప్రశ్నే మొట్టమొదటిది. అతని కథ చదువరులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

అతని పేరు చెసారె ఫెదెరీచి. చరిత్ర గ్రంథాలలో సీజర్ ఫ్రెడరిక్ అని కనబడేది ఇతడే. వెనిస్ నగరపు వర్తకుడు. 1563లో ఇల్లు విడిచి, తూర్పు దేశాలన్నీ తిరిగి, 1581లో స్వదేశం చేరుకున్నాడు. అతని యాత్రాగ్రంథం 1587లో వెనిస్‌లో అచ్చయింది. మరుసటి ఏడే థామస్ హికాక్ దానిని ఇంగ్లీషులోకి అనువదించాడు.

1567లో ఇతడు గోవా నుండి విజయనగరానికి వచ్చాడు. అది ఎనిమిది దినాల ప్రయాణం. మూడువందల అరబ్బీ గుర్రాలను రాజుకు అమ్మడానికి తోలుకొని వస్తున్న ఇద్దరు వర్తకులు అతనికి తోడు. అప్పటికి రక్కసి తంగడి యుద్ధం జరిగి రెండేళ్ళు దాటింది. 1565 జనవరి 23న అళియ రామరాయలు అక్కడ నేలకూలిన తర్వాత ఆయన తమ్ముడు తిరుమలరాయలు, పేరుకు మాత్రమే రాజైన సదాశివరాయలను వెంటబెట్టుకొని పెనుకొండకు తరలిపోయాడు. అయిదువందల యాభై ఏనుగుల మీద ధనరాశులు కదలిపోయాయని రాబర్ట్ స్యూయెల్ 1900 నాటి తన గ్రంథంలో వ్రాశాడు. తిరుమలరాయలు మళ్ళీ వచ్చి నగరాన్ని నిలబెట్టాలని ప్రయత్నించాడు గాని, అది సాగలేదు. ఇళ్ళు నిలిచే ఉన్నాయనీ, వాటిలో పులులూ అడవి మృగాలూ తప్ప వేరెవరూ లేరని చెప్పుకొంటున్నారనీ ఫెదెరీచి వ్రాశాడు. రాజు తన పరివారంతో, అక్కడికి ఎనిమిది దినాల దూరంలో లోనాడున ఉన్న కోటకు మారిపోయాడని కూడా వ్రాశాడు. ఆ కోట పేరును అతడు ‘పెనెగొండె’ అన్నాడు.

పండితశిక్షణ పొందినవాడికి ఇక్కడ ఒక్క క్షణం ఆగక తప్పదు. నేడు మనం పెనుకొండ అని వ్రాస్తున్నాం. ‘పెను’, ‘కొండ’ కలిసినప్పుడు కకారం గకారమై పెనుఁగొండ కావడం మన కావ్యభాషకు తెలిసిన రూపం. తెలుగు వ్యాకరణం ఎరుగని వెనిస్ వర్తకుడు చెవికి వినబడినది వినబడినట్టే వ్రాసుకొని ఆ గకారాన్ని మనకు భద్రంగా అందించాడు. ఈ శీర్షికలో నేను పెనుగొండ అన్నది అందుకే.

విజయనగరంలో నిలిచిన ఫెదెరీచికి రెండు దారులున్నాయి. ఒకటి రాజున్న పెనుకొండకు, రెండవది సముద్రమున్న గోవాకు. రెండూ ఎనిమిదేసి దినాల దారులే. ఒక్క నెలలో ముగిసే పనికి తాను ఏడు నెలలు అక్కడే ఉండిపోవలసి వచ్చిందనీ, దారుల్లో దొంగలు తగ్గేదాకా కదలడానికి వీలు లేకపోయిందనీ అతడు చెప్పుకొన్నాడు. పెనుకొండకు మాత్రం తాను వెళ్ళినట్టు వ్రాయలేదు.

వర్తకులకు ఆ ఊరి మీద నమ్మకం సడలడానికి తగిన కారణమే ఉంది. యుద్ధంలో పోయిన గుర్రాలకు బదులు కొత్తవి కావాలని తిరుమలరాయలు గుర్రపు వర్తకులకు కబురు చేశాడట. మంచి వెల ఇస్తానన్నాడట. తీరా గుర్రాలు చేజిక్కిన తర్వాత చిల్లిగవ్వ ఇవ్వకుండా వారిని పంపివేశాడనీ, ఆ దుఃఖంతో వారికి మతి చలించినంత పనైందనీ ఫెదెరీచి వ్రాశాడు. దీని పక్కన నూనిజ్ అనే పోర్చుగీసు వాడు, తానూ గుర్రపు వర్తకుడే, 1535 ప్రాంతంలో వ్రాసిన మాట పెట్టి చూడండి. సాళువ నరసింహరాయలు ఓడలో చచ్చిన గుర్రానికి కూడా సొమ్ము చెల్లించేవాడట. తోక తెచ్చి చూపితే చాలు. చచ్చిన గుర్రానికి వెల కట్టిన రాజ్యంలోనే వంద సంవత్సరాలైనా నిండకముందే బ్రతికున్న గుర్రానికి వెల లేకుండా పోయింది. ఓడిన తిరుమలరాయలకు అశ్వబలం ఎంత అవసరమో ఊహించగలం. కాని రాజు అవసరం వర్తకుడి అప్పు తీర్చదు కదా!

చివరకు ఫెదెరీచి గోవా దారి ఎంచుకున్నాడు. ఇక వాహనం మాట. పల్లకి మాట్లాడుకున్నాడు. పల్లకికి ఎనిమిదిమంది బోయీలు. నలుగురు మోస్తుంటే తక్కిన నలుగురు మార్పుకు. పైగా రెండు ఎద్దులు కొన్నాడు. ఒకటి తానెక్కడానికి, మరొకటి తిండి సామాను మోయడానికి. జీను, పట్టెడ, కళ్ళెం వేసి ఎద్దునెక్కడం ఈ దేశపు అలవాటనీ, దాని నడక ఎంతో హాయిగా ఉంటుందనీ మెచ్చుకున్నాడు. నేటి పిల్లలకు ఎద్దునెక్కి ఊరికి పోవడమంటే నవ్వులాట. కనుమ దారుల్లో బండి సాగని ఆ కాలంలో కంటలాలు మోసే పెరికెద్దే దేశానికి రవాణా.

వేసవిలో ఎనిమిది దినాలు పట్టే ఆ దారిలో అతడు బయలుదేరింది జూలై వానల్లో. సముద్రతీరాన ఉన్న అంకోలా చేరడానికే పదిహేను దినాలు పట్టింది. సామాను మోసే ఎద్దు బలం చాలక ఆగిపోయింది. ఎక్కిన ఎద్దును ఒక ఏటిలో ఈదించగా, అది ఏటి నడుమ చిన్న లంకకు చేరి, పచ్చగడ్డి కనబడేసరికి ఇక రానన్నది! దానిని అక్కడే విడిచి ఏడు దినాలు వానలో కాలినడకన పోయాడు. ఇంతవరకు నవ్వుకోవచ్చు. తర్వాతి మాటలు చదివితే నవ్వు రాదు. దినదినమూ ఎవరో ఒకరు తమను పట్టుకొని నిర్బంధించేవారట. ప్రతి ఉదయం తలకు నాలుగైదు నాణేలు విడుదల సొమ్ము కట్టి కదలవలసి వచ్చేదట. ప్రతిదినం ఒక కొత్త అధికారి సీమ. అందరూ విజయనగరానికి సామంతులే, కాని ఎవరి రాగి నాణెం వారిదే. ఈ రోజు పుచ్చుకున్న డబ్బు రేపు చెల్లదు.

అంతకు సుమారు అర్ధశతాబ్దం ముందు, 1520 ప్రాంతంలో, భట్కల్ నుండి విజయనగరానికి వచ్చిన పయస్ ఏమి వ్రాశాడో గుర్తు చేసుకోండి. అదే పడమటి కనుమల సీమ. దారిలో అయిదారువేల పెరికెద్దుల బిడారు. ఇరవై ముప్పై ఎడ్లకు ఒక్క మనిషి కావలి!

నేను తరగతి గదిలో విజయనగరం పాఠం చెప్పినన్నాళ్ళూ వీధుల్లో రత్నాలు రాసులు పోసి అమ్మిన సంగతే గొంతెత్తి చెప్పాను. పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకొని వినేవారు. ఇప్పుడు చెప్పవలసి వస్తే ఆ ఒక్క మనిషి సంగతి ముందు చెబుతాను. ముప్పై ఎడ్ల వెనుక కర్ర పట్టుకొని నడచిన ఆ మనిషి నిర్భయమే రాజ్యం. రక్కసి తంగడిలో మనం పోగొట్టుకొన్నది ముఖ్యంగా దానిని. రత్నాలు ఏనుగుల మీద పెనుకొండకు చేరాయి గాని ఆ నిర్భయం చేరలేదు.

ఫెదెరీచి దినానికొకరు చొప్పున చూసిన అధికారుల వంటివారే మన సీమలోనూ కోటకొకరుగా వెలిశారు. 1800లో దత్తమండలాలకు వచ్చిన మన్రో దొర ఎదుర్కొన్న పాళెగాండ్రు సుమారు ఎనభై మంది. వారిలో ప్రజలను కాపాడినవారూ లేకపోలేదు. కాని ఎనభై చేతులు దాటవలసిన బాటసారికి ఆ కాపుదల వల్ల ఒరిగిందేమిటి? 1890ల తొలి సంవత్సరాల్లో ధర్మవరం మీదుగా గుంతకల్లు–బెంగుళూరు రైలు, ముదిగుబ్బ మీదుగా ధర్మవరం–పాకాల రైలు నడిచాయి. ఒకే టికెట్టు, ఒకే నాణెం దారి పొడుగునా చెల్లాయి.

2019 నుండి పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కొరియా వారి కార్లు తయారవుతున్నాయి. ఒకప్పుడు విదేశీయులు ఆ ఊరికి వాహనాలు అమ్మవచ్చారు. నేడు అక్కడే చేసి అమ్ముతున్నారు.

ధర్మవరంలో నన్నడిగిన ఆ విదేశీయుడు తిరిగి క్షేమంగానే వెళ్ళి ఉంటాడు. వెళ్ళాడా లేదా అన్న చింత నాకు కలగకపోవడమే ఈ కాలపు భాగ్యం.

హంపి నుండి పెనుకొండకు రెండువందల కిలోమీటర్ల పైచిలుకు. ఎనిమిది దినాలంటే రోజుకు రమారమి రెండామడలు. ఆ దారి వెంట ఏ సత్రమో, దిగుడుబావియో, సుంకపు మెట్టయో మీ ఊళ్ళ దగ్గర ఇంకా మిగిలి ఉంటే, పెద్దలు చెప్పిన పేరుతో సహా తెలియజేయవలసిందిగా మిత్రులను కోరుతున్నాను.