సరుకుకూ సొమ్ముకూ మధ్య

ఆళ్లగడ్డలో చెక్కిన రాతి విగ్రహం గానీ, నంద్యాల మిల్లులో ఆడించిన బియ్యం గానీ, బనగానపల్లె మామిడి గానీ పొలిమేర దాటిందంటే అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య ఒక ఎడం ఏర్పడుతుంది. సరుకు ముందు కదలాలా, సొమ్ము ముందు రావాలా? ఎదురెదురుగా నిలబడి బేరమాడే సంతలో ఈ ప్రశ్నే పుట్టదు. దూరం పెరిగాక మాత్రం ఇద్దరిలో ఒకరు రెండోవారిని ముందుగా నమ్మక తప్పదు. ఇవాళ చిన్న వెబ్ దుకాణం తెరిచేవాళ్లు ఆన్‌లైన్ చెల్లింపు సంస్థను ఎంచుకునేటప్పుడు మొట్టమొదట అడిగేది కమీషను ఎంత శాతమని. అడగాల్సిన ప్రశ్నే గానీ అది మొదటిది కాదని దూరపు వర్తకం చరిత్ర చూస్తే తెలుస్తుంది. హుండీ మొదలు క్యూఆర్ కోడ్ వరకు వచ్చిన ప్రతి చెల్లింపు పద్ధతీ ఆ ఎడంలో ఉన్న నష్టభయాన్ని ఎవరో ఒకరి నెత్తిన పెట్టింది. కమీషను ఆ బరువు మోసినందుకు ఇచ్చే కూలి. బరువు ఎవరు మోస్తున్నారో తేల్చుకోకుండా కూలి గురించి బేరమాడితే తక్కువ శాతానికి ఒప్పుకున్నామనుకుంటూ మొత్తం భారాన్ని మనమే ఎత్తుకుంటాం.

రైలు రాకముందు నంద్యాల సీమలో వర్తకుడు దాటాల్సిన హద్దులు ఎన్నో ఉండేవి. కోయిలకుంట్ల వైపు ప్రాంతం 1800లోనే నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దత్తమైంది. నంద్యాల 1839 దాకా కర్నూలు నవాబు ఏలుబడిలో ఉంది. బనగానపల్లె 1948 వరకు వేరే సంస్థానం. ఇన్ని ఏలుబడుల మధ్య వెండి రూపాయల సంచులు మోసుకుపోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. దేశమంతటా వర్తకులు దీనికి కనిపెట్టుకున్న దారి హుండీ. చూపగానే చెల్లేది దర్శనీ హుండీ, గడువు మీద చెల్లేది ముద్దతీ హుండీ. దాని వెనక సర్కారు పూచీ ఏమీ లేదు, రాసిన షావుకారు పరపతే దాని బలం. 1881లో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం వచ్చినప్పుడు కూడా దేశభాషల్లో రాసుకున్న హుండీలను వాటి స్థానిక ఆచారానికే వదిలేసింది. వీటిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది పశ్చిమ తీరపు ఓడ వర్తకులు వాడిన జోఖమీ హుండీ. సరుకు క్షేమంగా చేరితేనే అది చెల్లుతుంది. ఓడ మునిగితే హుండీ కొన్నవాడే నష్టపోతాడు. ఆ భయానికి తగిన వట్టాన్ని హుండీ ధరలోనే ముందుగా లెక్కగట్టేవారు. అంటే డబ్బు చేరవేసే పని ఒకటి, నష్టభయాన్ని మోసే పని ఒకటి అని, రెండింటికీ వేర్వేరు వెల ఉందని ఆ షావుకార్లకు స్పష్టంగా తెలుసు. నేటి ఆన్‌లైన్ చెల్లింపు సంస్థల (గేట్‌వేల) ధరల పట్టికలో ఈ రెండూ ఒకే అంకెలో కలిసిపోయి కనిపిస్తాయి.

హుండీకి ఒక పెద్ద పరిమితి ఉంది. పరపతి ఉన్నవాళ్ల మధ్యే అది నడుస్తుంది. 1880ల చివర గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా, నల్లమలను దాటి బెజవాడ వైపు మీటర్ గేజ్ రైలు వచ్చాక వర్తకం పరపతి గిరి దాటింది. కుందూ లోయ నల్లరేగడి పత్తికి మద్రాసు బజారులో 'నార్తర్న్స్' అని ప్రత్యేకమైన పేరు ఉండేది. 1906లో నంద్యాలలో వ్యవసాయ పరిశోధన కేంద్రం పెట్టారంటేనే ఆ పంటకు ఉన్న విలువ తెలుస్తుంది. రైలుతోపాటు కొత్త పద్ధతి ఒకటి వచ్చింది. సరుకు బండికెక్కించినవాడు రైల్వే రశీదును నేరుగా కొనుగోలుదారుకు పంపకుండా బ్యాంకు ద్వారా పంపుతాడు. కొనేవాడు బ్యాంకులో సొమ్ము కట్టి రశీదు తీసుకుంటేనే స్టేషనులో సరుకు చేతికొస్తుంది. లారీలు వచ్చాక ఎల్లార్ కాగితం, అంటే లారీ రశీదు, అదే పని చేసింది. ఈ పద్ధతిలో కొనేవాడూ అమ్మేవాడూ ఒకరినొకరు నమ్మనక్కర్లేదు, ఇద్దరూ బ్యాంకును నమ్మితే చాలు.

బేళ్ల కొద్దీ పత్తి అమ్మేవాడికి బ్యాంకు దొరికింది గానీ, ఒక పుస్తకమో ఒక మందు సీసానో అమ్మేవాడికి దిక్కు పోస్టాఫీసే. మనియార్డరు వ్యవహారం 1880 జనవరి 1న తపాలా శాఖ చేతికి వచ్చింది. అంతకు ముందే, 1877లో, వాల్యూ పేయబుల్ పార్సిల్ మొదలైంది. తెలుగు పాఠకులకు వి.పి.పి.గా చిరపరిచితం. పోస్టుమాను కట్టను ఇంటికి తెస్తాడు, సొమ్ము పుచ్చుకుని కట్ట ఇస్తాడు, ఆ సొమ్మును మనియార్డరుగా అమ్మినవాడికి పంపుతారు. తెలుగు ప్రచురణ రంగం పల్లెల దాకా పాకడానికి ఈ ఏర్పాటు చేసిన మేలు తక్కువది కాదు. అయితే దాని అసలు గొప్పతనం 1898 పోస్టాఫీసు చట్టంలో కనిపిస్తుంది. గ్రహీత దగ్గర సొమ్ము వసూలయ్యేదాకా ప్రభుత్వానికి ఎలాంటి బాధ్యతా లేదని 34వ సెక్షను తేల్చి చెప్పింది. అంటే వసూలు కాని సరుకు భారం అమ్మినవాడిదే. ఇక 35వ సెక్షను కింద, నిజంగా వచ్చిన ఆర్డరు మీదే ఈ కట్ట పంపుతున్నానని పంపేవాడి చేత రాతపూర్వకంగా చెప్పించుకునేలా నిబంధన పెట్టుకునే వీలుండేది. మోసం జరిగినచోట వసూలైన సొమ్మును ఆపి, గ్రహీతకు తిరిగి ఇప్పించేలానూ నిబంధన పెట్టుకునే వీలుండేది. కట్టలో పుస్తకానికి బదులు చిత్తుకాగితాలు వస్తే ఏం చేయాలన్న ఆలోచన నూట పాతికేళ్ల కిందటి చట్టంలోనే ఉంది. ఈనాటి కార్డు వ్యవహారంలో చార్జ్‌బ్యాక్ అంటున్నది దాదాపు ఇదే.

వి.పి.పి. లోపం కూడా అంతే పాఠం చెబుతుంది. కొనేవాడు ముందుగా పైసా కట్టడు గనుక మనసు మారితే కట్టను తిప్పి పంపడం అతనికి తేలిక. రానూపోనూ ఖర్చు అమ్మినవాడి మీద పడుతుంది. 2010లో ఫ్లిప్‌కార్ట్ క్యాష్ ఆన్ డెలివరీ తెచ్చినప్పుడు దాన్ని కొత్త వింతగా చెప్పుకున్నారు గానీ, అది వి.పి.పి.కి మరో రూపం. వచ్చిన చిక్కూ పాతదే, తిరిగొచ్చే కట్టలు. పెద్ద సంస్థ వెయ్యి ఆర్డర్లలో వంద తిరిగొచ్చినా మిగతా తొమ్మిది వందల మీద సర్దుకుంటుంది. బరువైన, పెళుసైన రాతిబొమ్మలు అమ్మే చిన్న దుకాణానికి అలా సర్దుకునే వీలు లేదు. ఆళ్లగడ్డ రాతిశిల్పానికి భౌగోళిక గుర్తింపు వచ్చినంత మాత్రాన విరిగి తిరిగొచ్చిన బొమ్మ అతుక్కోదు.

ఇంటర్నెట్ చెల్లింపులు ఈ వరసలోకి వచ్చినప్పుడు మొదటి దశాబ్దంలో నియమాలు పలచగా ఉండేవి. 2009 నవంబరులో రిజర్వ్ బ్యాంక్ తొలిసారి మధ్యవర్తి సంస్థలకు కట్టడి విధించింది. కొనేవాళ్ల సొమ్ము ప్రత్యేక ఖాతాలో ఉండాలి, నిర్ణీత రోజుల్లో అమ్మినవాడికి చేరాలి. అదే ఏడాది ఆగస్టు నుంచి కార్డు నంబరు ఒక్కటే చాలదని, రెండో ధ్రువీకరణ ఉండాలని నియమం వచ్చింది. 2020 మార్చి 17 నాటి మార్గదర్శకాలు ఇంకా ముందుకెళ్లాయి. ఇలాంటి మధ్యవర్తి సంస్థగా, అంటే పేమెంట్ అగ్రిగేటరుగా, ఉండాలంటే రిజర్వ్ బ్యాంక్ అనుమతి, దరఖాస్తు నాటికి 15 కోట్ల రూపాయల నికర విలువ, కొనేవాళ్ల సొమ్ముకు ఎస్క్రో ఖాతా తప్పనిసరి అయ్యాయి. వీటిలో నేను ముఖ్యంగా ఎత్తిచూపేది సొమ్ము జమయ్యే గడువు. బట్వాడా బాధ్యత అగ్రిగేటరుదైతే సరుకు బయల్దేరిన మర్నాటికి, అమ్మినవాడిదైతే సరుకు చేరిన మర్నాటికి, వాపసు గడువు ముగిసేదాకా ఆపాలని ఒప్పందం ఉంటే ఆ గడువు తీరిన మర్నాటికి సొమ్ము అమ్మినవాడికి చేరాలని ఆ మార్గదర్శకాలు చెప్పాయి. హుండీ రాసిన షావుకారూ, రైల్వే రశీదు పట్టుకున్న బ్యాంకూ, పోస్టాఫీసూ తమ తమ తీరులో తేల్చిన విషయమే ఈ మూడు గడువుల్లోనూ ఉంది. చిన్న దుకాణదారు ఒప్పంద పత్రంలో ముందు చదవాల్సింది ఈ పేజీ.

ఇక్కడ బలమైన ఆక్షేపణ ఒకటుంది. యూపీఐ ఉచితం కదా, ఈ తర్కమంతా దేనికి? 2016 ఏప్రిల్‌లో యూపీఐ మొదలైంది, ఆ నవంబరులో పెద్దనోట్ల రద్దు దాన్ని వీధివీధికీ చేర్చింది. 2020 జనవరి 1 నుంచి యూపీఐ, రూపే డెబిట్ కార్డు చెల్లింపుల మీద వర్తకుడి నుంచి ఎండీఆర్ అనే కమీషను తీసుకోకూడదన్నారు. నంద్యాల బజారులో కూరగాయల బండికి ఇంతకంటే మేలైన సాధనం లేదు, ఒప్పుకోవాల్సిందే. కారణం కొనేవాడి ఎదుటే సరుకు ఉండడం. అక్కడ మోయాల్సిన భయం లేదు గనుక మోతకూలి లేకపోవడం సబబే. అదే క్యూఆర్ కోడును వెబ్‌సైటులో అంటించి ఎరగని ఊరి మనిషిని ముందుగా పంపమంటే నష్టభయమంతా కొనేవాడి నెత్తిన పడుతుంది. సొమ్ము కోతపడి అమ్మినవాడికి చేరకపోతే అయిదు రోజుల్లో తిరిగి జమ చేయాలని, ఆలస్యానికి రోజుకు 100 రూపాయలు ఇవ్వాలని 2019 సెప్టెంబరు నాటి రిజర్వ్ బ్యాంక్ ఉత్తర్వు ఉంది. అది సాంకేతికంగా తప్పిన లావాదేవీకి పరిహారం. సొమ్ము చేరి, సరుకు రాకపోతే ఆ ఉత్తర్వు అక్కరకు రాదు. అందుకే పేరు పడని దుకాణానికి ముందుగా కట్టడానికి జనం వెనకాడి, చేతికొచ్చాక డబ్బిస్తామంటారు. ఉచితమనుకున్న పద్ధతి దుకాణదారును మళ్లీ తిరిగొచ్చే కట్టల దగ్గరికే నెడుతుంది. అలాగని యూపీఐని వదిలేయమని కాదు. అగ్రిగేటరు ద్వారా వచ్చే యూపీఐలో ఆర్డరుకూ సొమ్ముకూ లంకె ఉంటుంది, వాపసు ఇవ్వడానికి దారి ఉంటుంది. ఆ అదనపు ఏర్పాటుకే అగ్రిగేటరు రుసుము తీసుకుంటాడు, దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. ఆ ఖర్చు పెట్టదగినదేనని నా అభిప్రాయం.

పోస్టాఫీసు ప్రభుత్వానిది, గేట్‌వేలు ప్రైవేటు వ్యాపారాలు, రెంటినీ ఒకే గాటన కట్టడం తప్పని ఇంకొందరు అంటారు. ఈ మాటలో నిజముంది. మనియార్డరు రుసుము దేశమంతా ఒకటే. ఏ గుమాస్తా అయినా 20 రూపాయలకు రూపాయి చొప్పున తీసుకునేవాడు. ప్రైవేటు సంస్థ లాభం లేదనుకుంటే వెళ్లిపోతుంది. 2017 నవంబరులో దేశీయ చెల్లింపులు మొదలుపెట్టిన పేపాల్ 2021 ఏప్రిల్ 1కి వాటిని ఆపేసి విదేశీ లావాదేవీలకే పరిమితమైంది. దాన్నే నమ్ముకున్న చిన్న దుకాణాలు వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది. అయితే ఈ తేడా నా వాదనను బలపరుస్తుందే తప్ప కొట్టిపారేయదు. వెళ్లిపోగల సంస్థ చేతిలో మన సొమ్ము ఎన్ని రోజులు ఉంటుందన్నది శాతం కంటే ముందు తేల్చుకోవాలి. వివాదం వస్తే సాక్ష్యం ఏం అడుగుతారు, తీర్పు వచ్చేదాకా ఒక్క ఆర్డరు సొమ్మే ఆపుతారా, మొత్తం జమలను ఆపుతారా, ఫోనుకు మనిషి పలుకుతాడా అన్నవీ అంతే. ఇంటి నుంచి పచ్చళ్లో అప్పడాలో అమ్మేవాళ్లకు వారం రోజుల జమ ఆగితే ఆ వారం సరుకు కొనడానికే డబ్బు ఉండదు.

రాతి విగ్రహాల విషయం ఇంకోలా ఉంటుంది. గుడికి వెళ్లే పెద్ద విగ్రహాన్ని నెలల తరబడి చెక్కుతారు. ఒక ఆలయం కొలతతో చేసినది ఇంకోచోట పనికిరాదు. అందుకే బయానా తీసుకుని పని మొదలుపెట్టడం, పని సగమయ్యాక కొంత, లారీకెక్కించే ముందు మిగతాది పుచ్చుకోవడమనే పద్ధతి ఇలాంటి పనికి సహజంగా సరిపోతుంది. రెండువైపులా నష్టభయాన్ని ఇది ముక్కలుగా పంచుతుంది. వెబ్‌సైటులో ఒక్క నొక్కుతో మొత్తం కట్టించుకునే బటను ఇక్కడ నప్పదు. ముఖ్యంగా అమెరికా నుంచి కార్డు మీద వచ్చే ఆర్డరులో జాగ్రత్త ఎక్కువ అవసరం. మన దేశపు రెండో ధ్రువీకరణ నియమం విదేశీ కార్డులకు వర్తించదు. ధ్రువీకరణ లేని కార్డును ఎవరో దొంగతనంగా వాడారని తేలితే ఆ నష్టం సాధారణంగా అమ్మినవాడి ఖాతాలోంచే పోతుంది, అప్పటికి రాయి సముద్రం దాటి ఉంటుంది. 2023 అక్టోబరు 31న రిజర్వ్ బ్యాంక్ విదేశీ ఎగుమతి, దిగుమతి చెల్లింపులు చూసే అగ్రిగేటర్లకు వేరే నియమాలు తెచ్చి, ఒక్కో సరుకుకు 25 లక్షల రూపాయల పరిమితి పెట్టింది. చేతిలో పట్టే నరసింహుడి ప్రతిమను ఆ దారిలో అమ్మవచ్చు. ధ్వజస్తంభం పీఠమో, మూలవిరాట్టో అయితే బ్యాంకు నుంచి బ్యాంకుకు వైరు మీద, వాయిదాల్లో తెప్పించుకుని, జమ అయిందని బ్యాంకు రాసిచ్చాకే తర్వాతి దశ ఉలి పట్టాలి.