ఇరవయ్యొకటా, పద్దెనిమిదా?

1989 మార్చి నెలాఖరు. తిరుపతిలో అప్పటికే ఎండలు మొదలైనాయి. డిగ్రీ ఆఖరు సంవత్సరం పరీక్షలకని సాయంత్రం పూట హాస్టల్ మిద్దె మీద చాపలు పరుచుకుని భారత రాజ్యాంగం చదువుతున్నాం. పుస్తకంలో 326వ అధికరణం దగ్గర, ఇరవై ఒక్క ఏళ్లు నిండిన పౌరులందరికీ ఓటుహక్కు అని ఉంది. ఆ వారం పేపర్లో మాత్రం ఇకనుంచి పద్దెనిమిదేళ్లకే ఓటు అని వచ్చింది. 1988 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన 61వ సవరణ మార్చి 28న అమల్లోకి వచ్చింది మరి. పరీక్షలో ఏది రాయాల?

పాకాల నుంచి వచ్చిన మా రూమ్మేటు తల గోక్కున్నాడు. "మన పేపరు దిద్దే ఆయప్ప పుస్తకం చూసి దిద్దుతాడా, న్యూస్ పేపరు చూసి దిద్దుతాడా?"

మరుసటి రోజు మా లెక్చరర్‌ను అడిగితే ఆయన నా పుస్తకం తీసుకుని ఎర్ర పెన్నుతో 21ని కొట్టేసి పక్కన 18 వేసి ఇచ్చేశారు. రాజ్యాంగ సవరణ అంటే నాకు ఇప్పటికీ గుర్తొచ్చేది ఆ ఎర్ర గీతే. అప్పటికి మాలో చాలామందికి ఇరవై నిండి, ఇరవై ఒకటి నిండలేదు. ఎన్నికల మీద మూడేళ్లు చదివి ఒక్కసారి కూడా ఓటు వేయనివాళ్లం.

హెచ్ఈపీలో చేరానని చెప్పినప్పుడు మా మామ ఎగాదిగా చూశాడు. "హిస్టరీ సరే, ఎకనామిక్స్ సరే. ఈ పాలిటిక్స్ చదివేదేందిరా? ఎలక్షన్లో ఎప్పుడు నిలబడతావు మరి?" ఆ రోజుల్లో మా వైపు లెక్కలు వచ్చినోళ్లు ఎంపీసీకీ, కప్పలు కోసేవాళ్లు బైపీసీకీ, అంగడి ఉన్నోళ్ల పిల్లలు కామర్సుకీ పోగా మిగిలినవాళ్ల గ్రూపు ఇది. ఇంటర్‌లో పౌరశాస్త్రం అన్నది డిగ్రీకి వచ్చేసరికి రాజనీతి శాస్త్రం అవుతుంది. ప్లేటో, అరిస్టాటిల్, హాబ్స్, లాక్, రూసో. బ్రిటిష్ క్యాబినెట్, అమెరికా సెనేట్, ఆఖరికి స్విట్జర్లాండ్‌లో రిఫరెండం ఎట్లా జరుగుతుందో కూడా చదివాం. చిత్తూరు జిల్లా పేరు మాత్రం మూడేళ్లలో ఒక్కసారీ వినపడలేదు. అదేం పెద్ద లోటని అప్పుడు తోచలేదు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే నవ్వొస్తుంది, ఎందుకంటే ఆ సిలబస్‌లో సగం మా చుట్టుపక్కలే నడిచింది.

'అవిశ్వాస తీర్మానం' మీద లఘు టీక మా పరీక్షల్లో తరచూ వచ్చే ప్రశ్న. మంత్రివర్గం లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహిస్తుంది, 75వ అధికరణం, 1963లో ఆచార్య కృపలానీ నెహ్రూ ప్రభుత్వం మీద పెట్టిన తీర్మానం. ఇంత రాస్తే మార్కులు పడేవి. దానికి నలభై ఏళ్ల ముందరి కథ మాకెవరూ చెప్పలేదు.

1919 చట్టంతో రాష్ట్రాల్లో ద్వంద్వ ప్రభుత్వం వచ్చింది. పోలీసు, రెవెన్యూ లాంటివి గవర్నరు చేతిలో ఉంచుకుని, విద్య, ఆరోగ్యం, స్థానిక సంస్థల వంటివి మంత్రులకిచ్చారు. మద్రాసు శాసన మండలిలో మొదట 98 మంది ఎన్నికైనవాళ్లు, 29 మంది నామినేట్ అయినవాళ్లు. 1920 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ గెలిచింది. ఏడాది తిరక్కుండానే ఆ ప్రభుత్వానికి ప్రథమ మంత్రి అయినాయన పానగంటి రామరాయనింగారు, అంటే పానగల్ రాజా. పుట్టింది కాళహస్తిలో.

అదే పార్టీలో ఉంటూ ఆయనతో పొసగక బయటికొచ్చినాయన కట్టమంచి రామలింగారెడ్డి. చిత్తూరును ఆనుకుని ఉన్న కట్టమంచి ఆయన ఊరు. 1880లో పుట్టి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జి వెళ్లి అక్కడి యూనియన్‌కు ఉపాధ్యక్షుడయ్యారు. యూనియన్ అంటే వాదప్రతివాదాల సభ. పార్లమెంటుకు పోయే ఆంగ్లేయ కుర్రాళ్లు మాట్లాడటం నేర్చుకునే చోటు అది. తెలుగువాళ్లకు ఆయన 'ముసలమ్మ మరణము' కవిగా, 'కవిత్వతత్త్వ విచారము' రాసిన విమర్శకుడిగా తెలుసు. నేను కూడా ఆయన పేరు మొదట విన్నది తెలుగు క్లాసులోనే. పక్క గదిలో జరిగే రాజనీతి క్లాసుకు ఆ పేరు చేరలేదు.

1923 నవంబరు 27. రెండో ఎన్నికలు అప్పుడే ముగిసి కొత్త మండలి కొలువుదీరింది. పానగల్ మంత్రివర్గం మీద రామలింగారెడ్డి అవిశ్వాస తీర్మానం పెట్టారు. మన దేశంలో చట్టసభల్లో ఇదే మొదటిదని చెబుతారు. మరుసటి రోజు ఓటింగు జరిగింది. తీర్మానానికి 44 ఓట్లు, ప్రభుత్వానికి 65. పానగల్ రాజా నిలబడ్డారు.

ఒకాయనది కాళహస్తి, ఇంకొకాయనది కట్టమంచి. రెండింటికీ మధ్య నూరు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఈ దేశంలో ఒక మంత్రివర్గాన్ని సభలో నిలదీసి లెక్క తేల్చమనే ఆనవాయితీ ఇద్దరు మా జిల్లావాళ్ల తగాదాతో మొదలైందన్నమాట. పది మార్కుల ప్రశ్నకు ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏముంటుంది? కొసమెరుపు ఇంకోటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టం వచ్చింది ఆ పానగల్ ప్రభుత్వంలోనే. 1926లో దానికి తొలి వైస్ చాన్సలర్ అయింది ఆ ప్రభుత్వాన్ని పడగొట్టబోయిన రామలింగారెడ్డే. 1930లో ఆంగ్ల ప్రభుత్వ దమనకాండకు నిరసనగా ఆయన ఆ పదవి వదిలేశారు. ఆరేళ్లకు మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నారు. ఆయన వదిలేసిన ఏడాదే మద్రాసులో ప్రథమ మంత్రి అయిన బొల్లిని మునుస్వామి నాయుడు కూడా చిత్తూరు కోర్టులో వకీలే. పదేళ్ల లోపల ఒక జిల్లా ఇంతమందిని ఎట్లా ఇచ్చిందో ఎవరైనా కూర్చుని పరిశోధిస్తే బాగుంటుంది.

'రాజ్యం - మతం' అనే పాఠానికైతే మేం గది దాటి వరండాలోకి వస్తే చాలు, ఎదురుగా ఏడుకొండలు. తిరుమల గుడి పాలనను చేతిలో పెట్టుకున్న ఈస్టిండియా కంపెనీ, క్రైస్తవ ప్రభుత్వం హిందూ దేవాలయాన్ని నడపడమేమిటని లండన్‌లో గొడవ రేగాక 1843లో హాథీరాంజీ మఠం మహంతుకు అప్పగించి చేతులు దులుపుకుంది. విచారణకర్తలుగా మహంతులు తొంభై ఏళ్లు ఏలారు. 1932లో మద్రాసు మండలి ప్రత్యేక చట్టం చేసి, 1933లో దేవస్థానం కమిటీకి పగ్గాలిచ్చింది. దానికి ముందే 1920లలో హిందూ దేవాదాయ చట్టం తెచ్చి గుళ్ల లెక్కలు అడిగే అధికారం ప్రభుత్వానికిచ్చింది మళ్లీ ఆ కాళహస్తి పానగల్ రాజా ప్రభుత్వమే. కంపెనీ, మహంతు, కమిటీ, బోర్డు: రాజ్యం గుడిలోకి వచ్చింది, వెళ్లిపోయింది, మళ్లీ వచ్చింది. లౌకికవాదం మీద మేం పుస్తకంలో చదివింది మాత్రం అమెరికాలో చర్చికీ రాజ్యానికీ మధ్య గోడ గురించి.

ఆ గుడి సొమ్ముతోనే 1945లో శ్రీ వేంకటేశ్వర కళాశాల పుట్టింది. 1952లో ఆడపిల్లలకు పద్మావతి కళాశాల వచ్చింది. అరవ దేశం నుంచో, మరాఠా దేశం నుంచో వచ్చిన భక్తుడు హుండీలో వేసిన రూపాయి ఎక్కడో చుట్టు తిరిగి హాబ్స్ పాఠం చెప్పే లెక్చరర్ జీతంలోకి చేరేది. ఇదొక చిత్రమైన ఆర్థిక వ్యవస్థ. ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు.

శ్రీ వేంకటేశ్వర కళాశాల మొదట మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండేది. కట్టమంచివారు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని నడుపుతుంటే ఆయన సొంత జిల్లా పిల్లలు మద్రాసు పరీక్షలు రాశారు. కోస్తావాళ్ల పెత్తనం మీద సీమకున్న అనుమానం దీని వెనక ఉంది. ఆ అనుమానాన్ని పోగొట్టడానికే 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఇల్లు శ్రీబాగ్‌లో పెద్దలు కూర్చుని ఒడంబడిక రాసుకున్నారు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం పెట్టాలని అందులో ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చి, రాజధాని కర్నూలుకు పోయింది. విశ్వవిద్యాలయం మాత్రం అనంతపురంలో దిగకుండా, మరుసటేడు ప్రకాశం పంతులు ప్రభుత్వంలో, 1954లో తిరుపతికి వచ్చింది. ఎస్. గోవిందరాజులు నాయుడు మొదటి వైస్ చాన్సలర్. అనంతపురంవాళ్లు ఆ మాట ఇప్పటికీ ఎత్తుతారు, ఎత్తడంలో తప్పూ లేదు. 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వచ్చేదాకా వాళ్లు ఆగాల్సి వచ్చింది.

సరిహద్దుల పాఠం ఇంకా దగ్గర. ఉత్తర ఆర్కాటు, కడప, నెల్లూరు జిల్లాల నుంచి ముక్కలు తెచ్చి 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లాను కుట్టారు. అందుకే మా జిల్లాలో మదనపల్లె మాట వేరు, పుత్తూరు మాట వేరు. రాష్ట్రం విడిపోయాక తిరుపతి మాదని తమిళులు, తిరుత్తణి మాదని తెలుగువాళ్లు చాలా ఏళ్లు కొట్లాడుకున్నారు. పటాస్కర్ మధ్యవర్తిగా వచ్చి లెక్క తేల్చాక, 1960 ఏప్రిల్ 1న, మళ్లీ ఆ తేదీనే, తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది, సత్యవేడు ప్రాంతం మాకు వచ్చింది. తిరుత్తణిలో పుట్టి, తిరుపతి మిషన్ బడిలో చదివిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అప్పుడు ఉపరాష్ట్రపతి. ఆయన ఢిల్లీలో ఉండగానే పుట్టిన ఊరు రాష్ట్రం మారిపోయింది. అదే కాలంలో లోక్‌సభ స్పీకర్ కుర్చీలో ఉన్నది తిరుచానూరులో పుట్టి చిత్తూరులో వకాల్తా చేసిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. అంటే రాజ్యసభను నడిపేదీ, లోక్‌సభను నడిపేదీ ఇద్దరూ పాత చిత్తూరు జిల్లావాళ్లే. 'ద్విసభా విధానం' మీద నేను రాసిన జవాబులో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఉంది, వీళ్లిద్దరూ లేరు.

తప్పంతా పుస్తకాల మీద వేయడం న్యాయం కాదు. ఆ పుస్తకాలే లేకుంటే మా బోటివాళ్లు డిగ్రీ గడప తొక్కేవాళ్లు కాదు. 1968లో తెలుగు అకాడమీ వచ్చేవరకు ఈ శాస్త్రం ఇంగ్లీషులోనే ఉండేది. అకాడమీకి తొలి అధ్యక్షుడు పి.వి. నరసింహారావు. సార్వభౌమాధికారం, బహుత్వవాదం, అధికార పృథక్కరణ: నోరు తిరగని మాటలే, బట్టీ కొట్టి కొట్టి నాలుక మందమెక్కేది. అయినా పీలేరు పక్క పల్లెనుంచి వచ్చినవాడు లాస్కీ ఏమన్నాడో తెలుగులో రాసి పాసవడం చిన్న సంగతేమీ కాదు.

ఇక అసలు రాజకీయాలు. ఎస్వీ యూనివర్సిటీ ఆవరణలో రాజకీయం నేర్చుకున్నవాళ్లలో అందరికీ తెలిసిన పేరు చంద్రబాబు నాయుడు. ఆయన ఎం.ఏ. ఎకనామిక్స్. తిరుపతిలోనే హౌస్ సర్జన్ల సంఘానికి నాయకుడైన రాజశేఖరరెడ్డి డాక్టరు. 1978లో ఇద్దరూ ఒకేసారి అసెంబ్లీలో అడుగుపెట్టారు. రాజనీతి చదివిన మా క్లాసువాళ్లు ఏమయ్యారంటే టీచర్లు, ఎల్‌డీసీలు, ఒకరిద్దరు గ్రూప్-2లో డిప్యూటీ తహసీల్దార్లు, అంటే ఎన్నికలు జరిపించేవాళ్లు. నిలబడేవాళ్లు వేరే గ్రూపుల నుంచి వచ్చారు. 1983లో ఎన్టీఆర్ తిరుపతిలో నిలబడితే గోడల మీద రాతలు రాసి, జీపుల మీద వేలాడి గొంతు పోగొట్టుకున్న డిగ్రీ కుర్రాళ్లలో ఎక్కువమందికి ఓటే లేదు. తీరా ఓటు పద్దెనిమిదికి దిగివచ్చే రోజులకు, ఆ 1980ల చివర్లోనే, రాష్ట్రంలో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆపేశారు. గొడవలు, కొట్లాటలు, హత్యలు జరిగినమాట నిజమే. ఆపడానికి కారణం ఉంది. కానీ ఢిల్లీలో ఎంపీని ఎన్నుకునే తెలివి ఉందని నమ్మిన పిల్లవాడికి హాస్టల్ మెస్ సెక్రటరీని ఎన్నుకునే తెలివి లేదనుకోవడం ఏ సిద్ధాంతమో, హాబ్స్ దా రూసోదా, నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇప్పుడు సంగతులు మారినాయి. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అన్నారు. 2023-24లో మూడు సబ్జెక్టుల పద్ధతి తీసేసి ఒకే మేజర్ పెట్టారు. హెచ్ఈపీ అంటే ఇప్పటి పిల్లలకు అర్థం కాదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది, చిత్తూరు వేరే. ఆ మధ్య చిత్తూరు బస్సులో పక్కన కూర్చున్న అమ్మాయి చేతిలో లక్ష్మీకాంత్ పాలిటీ పుస్తకం చూసి, మొదటి అవిశ్వాసం ఎవరు పెట్టారమ్మా అని అడిగాను. "కృపలానీ సార్, 1963" అని టక్కున చెప్పింది. బస్సు కట్టమంచి దగ్గరికి వస్తోంది. చెబుదామనుకునేలోపు ఆ అమ్మాయికి ఫోనొచ్చింది.

1989 నవంబరులో లోక్‌సభకూ అసెంబ్లీకీ కలిపి ఎన్నికలు వచ్చినాయి. మా ఊరి బడిలో బూతు. క్యూలో నా ముందు ఇంటర్ చదివే మా పక్కింటి పిల్లవాడు, వాడి ముందు మా మామ. ముగ్గురం ఓటేసి, వేలిమీద సిరా ఆరకముందే టీ అంగడి దగ్గర చేరాం. మామ నా వేలు పట్టుకుని చూసి, "ఓటు వచ్చె, డిగ్రీ వచ్చె. ఇంక నిలబడొచ్చు కదరా?" అన్నాడు.

"నిలబడాలంటే ఇరవై అయిదు నిండాల మామా, 173వ అధికరణం."

"అది కూడా పుస్తకంలో ఉందా?"

"ఉంది."

"సరే, దాన్నీ కొట్టేస్తారేమో చూద్దాం ఉండు" అని, టీ డబ్బులు నన్నే ఇమ్మన్నాడు.