మంగళవారం పంపితే గురువారం అంగీకారం

2011లో నల్లగొండ జిల్లాలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫైనలియర్ చదువుతున్నప్పుడు నా పేరు ఒక ‘అంతర్జాతీయ’ జర్నల్లోకి ఎక్కింది. మంగళవారం రాత్రి పేపర్ పంపాం. గురువారం పొద్దునకల్లా అంగీకరించామని మెయిల్ వచ్చింది. ఇద్దరు సమీక్షకులు చదివారట. ఇద్దరూ కలిసి రాసింది ఒకే వాక్యం, పేపర్ బాగుందని. నలుగురం తలా కొంత వేసుకుని పదిహేను వందలు కట్టాం. నలుగురికీ నాలుగు సర్టిఫికెట్లు వచ్చాయి, ఐదోది మా గైడు సారుకి. రాతలో ఆయన చెయ్యి లేదు గానీ మొదటి పేరు ఆయనదే.

అదొక్కటే అయితే నవ్వుకుని వదిలేసేవాణ్ణి. ఆ పేపర్లో మూడో గ్రాఫ్ అబద్ధం. వైర్‌లెస్ సెన్సర్లలో బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో సిమ్యులేషన్ చేసి చూపించాలి. అది మధ్యలో ఆగిపోతూ ఉండేది, గడువేమో నెత్తిమీదికొచ్చింది. ఎక్సెల్లో అంకెలు మేమే వేశాం, గీత నున్నగా వచ్చేలాగ. కిందటేడు ఇంకేదో వెతుకుతుంటే మా పేపర్ని ఉదహరించిన వ్యాసాలు మూడు కనిపించాయి. అందులో ఒకటి సరిగ్గా ఆ గ్రాఫునే ఆధారంగా తీసుకుంది. అప్పటినుంచీ ఖాళీ దొరికినప్పుడల్లా ఈ జర్నళ్ల చరిత్ర చదువుతున్నాను.

సమీక్ష అనేది మనం అనుకున్నంత పాతదేం కాదు. లండన్‌లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ మొదలుపెట్టింది 1665లో. అప్పుడు ఏది వెయ్యాలో సంపాదకుడి ఇష్టం. ‘నేచర్’ లాంటి పత్రిక కూడా ప్రతి పేపర్నీ బయటి నిపుణులకు పంపడం తప్పనిసరి చేసుకుంది 1973లోనే. మరి అంతకుముందు దేన్ని నమ్మారు? సంపాదకుడి పేరుని. తప్పు వేస్తే పోయేది ఆయన పరువే.

మా పాలమూరు వైపే దానికో ఉదాహరణ ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఒకాయన అన్నప్పుడు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఈ కథ తెలంగాణలో అందరికీ తెలుసు. నాకు ఆసక్తిగా తోచేది ఆ 354 అంకె కాదు, కవుల ఊరూ వివరమూ కూడా ఇచ్చారే, అది. అనుమానం ఉన్నవాడు ఆ ఊరెళ్లి అడగొచ్చు. మా జర్నల్ సంపాదక వర్గంలో కూడా దేశదేశాల పేర్లు చాలానే ఉండేవి. వాళ్లలో ఒక్కరికైనా తమ పేరు అక్కడుందని తెలుసో లేదో.

ఈ అనుమానం మీద అమెరికాలో పెద్ద కేసే నడిచింది. ముద్దాయి మన హైదరాబాద్ సంస్థ, ఒమిక్స్. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన గేదెల శ్రీనుబాబు 2007లో పెట్టారు. ఉద్దేశంగా చెప్పుకున్నది మంచిదే. పాశ్చాత్య జర్నళ్ల చందాలు మన విశ్వవిద్యాలయాలు భరించలేవు కాబట్టి చదివేవాడికి ఉచితంగా ఇస్తాం, ఖర్చు రాసేవాడు పెట్టుకుంటాడు అని. నిజంగా మంచి జర్నళ్లు కూడా ఈ పద్ధతిలో నడుస్తున్నాయి. చిక్కల్లా ఒక్కటే. చందా ఇచ్చేవాడు చెత్త వస్తే మానేస్తాడు. రాసేవాడు డబ్బిచ్చేటప్పుడు ‘వద్దు’ అన్న ప్రతి పేపరూ సంపాదకుడికి నష్టమే. ఆ నష్టాన్ని ఓర్చుకునే వాడికే ఈ పద్ధతి తగును.

కొలరాడో విశ్వవిద్యాలయం, డెన్వర్‌లో జెఫ్రీ బీల్ అనే లైబ్రేరియన్ ఇలాంటి ప్రచురణకర్తలకు ‘ప్రిడేటరీ’ అని పేరు పెట్టి జాబితా రాసేవాడు. అందులో ఒమిక్స్ ఉంది. 2013లో వాళ్లు వంద కోట్ల డాలర్ల దావా వేస్తామని ఆయనకు నోటీసు పంపారు. మన ఐటీ చట్టం 66ఏ సెక్షన్ కూడా చూపించి బెదిరించారు. ఫేస్‌బుక్‌లో నాలుగు మాటలు రాసినందుకు పిల్లల్ని లోపలేసిన సెక్షన్ అది. 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఆ 2013లోనే జాన్ బొహానన్ అనే విలేఖరి ‘సైన్స్’ పత్రిక కోసం ఒక దొంగ పేపర్ తయారుచేసి 304 జర్నళ్లకు పంపాడు. కాస్త రసాయన శాస్త్రం తెలిసినవాడెవడైనా పట్టేయగల తప్పులు కావాలనే అందులో పెట్టాడు. 157 జర్నళ్లు తీసుకున్నాయి.

2016 ఆగస్టులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒమిక్స్ మీద నెవాడాలో కేసు వేసింది. ఆరోపణలు చదువుతుంటే ఒక్కొక్కటీ ఎక్కడో చూసినట్టే అనిపించింది. సమీక్ష జరక్కుండానే జరిగిందనడం, ఒప్పుకోని వాళ్ల పేర్లు సంపాదకులుగా, సదస్సుల్లో వక్తలుగా వేసుకోవడం, గూగుల్ స్కాలర్ లెక్కలతో సొంతంగా ‘ఇంపాక్ట్ ఫ్యాక్టర్’ కట్టుకోవడం, పేపర్ తీసుకున్నాకే వందలూ వేలూ డాలర్ల బిల్లు బయటపెట్టడం. ఇవన్నీ వ్యాపారపు మాయలు. నన్ను ఆపింది ఇంకోటి. పేపర్ వెనక్కి ఇమ్మంటే ఇచ్చేవాళ్లు కాదని. ఒకే పేపర్ని రెండు చోట్లకు పంపకూడదనేది పరిశోధకుల నీతి. ఆ నీతిని పాటించేవాడు ఇక్కడ ఇరుక్కుపోతాడు. వెనక్కి రాదు, ఇంకోచోటికి పంపలేడు. లక్ష్యపెట్టని వాడికి ఏ ఇబ్బందీ లేదు.

2019 మార్చిలో తీర్పు వచ్చింది, 5 కోట్ల డాలర్ల పైచిలుకు కట్టమని. మన లెక్కలో దాదాపు 350 కోట్లు. 2020లో అప్పీలు కోర్టూ దాన్నే ఖాయం చేసింది.

అయితే హైదరాబాద్‌లో ఒక సంస్థ దొరికింది కదా అని మిగతా అందరం చేతులు దులుపుకోవడానికి లేదు. అమ్మేవాడు ఉన్నాడంటే కొనేవాడు ఉన్నట్టే. 2010లో యూజీసీ అధ్యాపకుల నియామకాలకూ ప్రమోషన్లకూ ఏపీఐ మార్కులు పెట్టింది. పేపరుకిన్ని అని. జిల్లా కాలేజీలో వారానికి పద్దెనిమిది, ఇరవై క్లాసులు చెప్పే లెక్చరర్ ల్యాబూ లేకుండా, జర్నల్ చందా లేకుండా పేపర్ ఎక్కణ్ణుంచి తెస్తాడు? మా గైడు సారుని అప్పుడు తిట్టుకున్నాను. ఇప్పుడు సగమే తిట్టగలను. ఆ తర్వాత యూజీసీయే జాబితా ఒకటి పెట్టింది. విశ్వవిద్యాలయాలు సిఫార్సు చేసిన వాటిలో 1,009 జర్నళ్లను పరిశీలిస్తే నిలబడినవి 112 అని 2018లో ‘కరెంట్ సైన్స్’లో వచ్చింది. ఆ మేలోనే 4,305 జర్నళ్లను తీసేశారు. తర్వాత కేర్ జాబితా అన్నారు, 2025లో అదీ ఆపేశారు.

ఇక మంచి జర్నళ్లలో అంతా సవ్యమేనా అంటే, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వ్యవహారం ఉంది. ఒక కెమిస్ట్రీ ప్రొఫెసర్ నాలుగేళ్లలో సుమారు 70 పేపర్లు కాపీ కొట్టీ కల్పించీ వేయించాడని 2008లో బయటపడింది. వేసినవి 25 దాకా జర్నళ్లు, అందులో పేరున్నవీ ఉన్నాయి. అక్కడ సమీక్షకులు నిజంగానే ఉన్నారు. కానీ సమీక్షకుడి ముందుకొచ్చేది కాయితం. అంకె నిజంగా కొలిచిందా, కల్పించిందా అన్నది అతనికి కనపడదు. మా మూడో గ్రాఫ్ ‘నేచర్’కి పంపినా, వాళ్లు వద్దనేది విషయం చాలదని, అబద్ధమని మాత్రం కాదనుకుంటా.

మా జర్నల్‌కు రాశాను, పేపర్ తీసేయండి, గ్రాఫ్ మేం కల్పించింది అని. మెయిల్ తిరిగొచ్చింది. సైటు మాత్రం నడుస్తూనే ఉంది. పేజీ పైన కొత్త సంచికకు పేపర్లు పంపమని పిలుపు. మిగతా ముగ్గురితో మాట్లాడాను. ఇద్దరు సరే అన్నారు. ఒకడు మాత్రం, “ఇప్పుడెందుకురా, ఇన్నేళ్ల తర్వాత? ఎవడు చూస్తుండు?” అన్నాడు.

చూసినవాడు ఉన్నాడు కదా. ఆ గ్రాఫుని ఆధారం చేసుకున్న వ్యాసం మరో జిల్లాలో పీహెచ్‌డీ చేస్తున్న అబ్బాయిది. అతని మెయిల్ దొరికితే జరిగింది జరిగినట్టు రాశాను. వారం తర్వాత ఫోన్ చేశాడు. కోపం లేదు గొంతులో.

“సార్, థీసిస్ బైండింగుకి ఇచ్చేసినం. మూడో చాప్టర్ మొత్తం మీ గ్రాఫుతో పోల్చిందే. వచ్చే నెల వైవా. మా మేడంకి చెప్పమంటరా, వద్దంటరా?”

చెప్పమన్నాను. కావాలంటే మేడంతో నేనే మాట్లాడతానన్నాను, ఒప్పుకుంటూ ఉత్తరం రాసిస్తానన్నాను. ఆలోచించి చెప్తానన్నాడు. ఉత్తరం ఆ రాత్రే రాసి పంపాను. ఇంకా ఫోన్ రాలేదు.