సేవా క్లబ్బులు, మన బడి వరండా

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమని సంపాదకవర్గం అడిగినప్పుడు, గురువుల గురించీ మన అల్లరి గురించీ రాసేవాళ్ళు ఎలాగూ చాలామంది ఉంటారనిపించింది. అందుకే మరో విషయం ఎంచుకున్నాను. మనం చదివే రోజుల్లో ఆదివారం కూడా మన బడి గదులకు తాళం పడేది కాదు. కంటి శిబిరమో, రక్తదానమో, టీకాలో, ఏదో ఒకటి జరుగుతూనే ఉండేది. వరండాలో కట్టిన బ్యానరు మీద ఒక పళ్ళచక్రమో, చెరో వైపు చూస్తున్న రెండు సింహాల తలలో కనిపించేవి. ఆ గుర్తులు ఎవరివో, ఆ పెద్దమనుషులు ఎందుకు వచ్చేవారో మనలో చాలామంది అడగలేదు. ఇప్పుడు మన సంఘానికి 50 ఏళ్ళు నిండాయి. ఇకపై ఏం చేయాలని అందరం ఆలోచిస్తున్న ఈ సమయంలో వాళ్ళ చరిత్ర తెలుసుకోవడం మనకు ఉపయోగమని నా అభిప్రాయం.

చికాగోలో నలుగురు

1905 ఫిబ్రవరి 23న చికాగో నగరంలో పాల్ హారిస్ అనే న్యాయవాది మరో ముగ్గురితో కలిసి కూర్చున్నాడు. సిల్వెస్టర్ షీల్ బొగ్గు వ్యాపారి, హైరమ్ షోరీ దర్జీ, గుస్టావస్ లోర్ గనుల ఇంజనీరు. వాళ్ళు కూర్చున్నది లోర్ ఆఫీసు గదిలోనే. పెద్ద పట్నంలో ఒంటరిగా బతికే వృత్తిదారులు స్నేహంగా కలుసుకోవాలన్నదే మొదటి ఉద్దేశం. ఒక్కోసారి ఒక్కొక్కరి ఆఫీసులో వంతులవారీగా కలిసేవారు. ఆ వంతు తిరగడం నుంచే రోటరీ అనే పేరు వచ్చింది. రెండేళ్ళకే, కేవలం కబుర్లు చెప్పుకుంటే సరిపోదనుకున్నారు. 1907లో నగరంలో ప్రజల కోసం మరుగుదొడ్లు కట్టించే పని తలకెత్తుకున్నారు. సేవాక్లబ్బుల చరిత్రలో తొలి ప్రాజెక్టు మరుగుదొడ్డి అన్నది మనం గుర్తుంచుకోదగ్గ విషయం.

అదే చికాగోలో మెల్విన్ జోన్స్ అనే బీమా వ్యాపారి చొరవతో 1917లో లయన్స్ క్లబ్బులు ఏర్పడ్డాయి. 1925లో ఒహాయో రాష్ట్రంలో జరిగిన లయన్స్ మహాసభకు హెలెన్ కెల్లర్ వచ్చి, అంధుల పక్షాన నిలబడమని సభ్యులను కోరింది. కంటి చూపు లయన్స్ వారి ప్రధాన సేవ కావడానికి మూలం ఆ ఒక్క ప్రసంగమే.

ఇంజనీర్లకు నచ్చే సంగతి ఒకటి చెబుతాను. రోటరీ చక్రానికి 24 పళ్ళు, 6 ఆకులు. మొదట్లో దాని నడుమ ఉన్న రంధ్రంలో కీవే లేదు. కీవే లేని చక్రం ఇరుసు మీద ఊరికే తిరుగుతుందే తప్ప శక్తిని అందించలేదని సభ్యుల్లోనే కొందరు ఎత్తిచూపారు. 1920లలో ఆ గాడిని చేర్చి గుర్తును సరిదిద్దారు. బ్యానరు మీద చూసినప్పుడు ఈసారి నడిమధ్యకు చూడండి.

మన నేలకు రాక

మన దేశంలో తొలి రోటరీ క్లబ్బు 1920 ప్రారంభంలో కలకత్తాలో ఏర్పడింది. మద్రాసులో 1929లో వచ్చింది. అప్పటి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనివే కాబట్టి మన పట్టణాలకు ఆ గాలి అటునుంచే వీచింది. లయన్స్ 1956లో బొంబాయిలో మొదలై ఆ తర్వాతి దశాబ్దాల్లో తాలూకా కేంద్రాలదాకా పాకింది. 1962-63లో కలకత్తాకు చెందిన నితీశ్ లాహరీ రోటరీ అంతర్జాతీయ అధ్యక్షుడయ్యాడు. ఆ పదవికి వచ్చిన తొలి ఆసియావాసి ఆయనే.

అయితే సేవను ఈ క్లబ్బులే మనకు నేర్పాయని అనుకోకూడదు. అంతకుముందే రాజమండ్రిలో వీరేశలింగం పంతులు గారి హితకారిణీ సమాజం ఉంది. హైదరాబాదులో 1901లోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది, అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివారు ఊరూరా తిరిగి గ్రంథాలయోద్యమాన్ని నడిపారు. దానధర్మాలు, అన్నసత్రాలు, చలివేంద్రాలు సరేసరి. క్లబ్బులు కొత్తగా తెచ్చింది ఒక పద్ధతిని. దాత ఒక్కడు కాకుండా ఊళ్ళోని డాక్టరు, ప్లీడరు, మిల్లు యజమాని, హెడ్మాస్టరు, బ్యాంకు మేనేజరు ఒకే బల్ల చుట్టూ కూర్చుని, చందా కట్టి, తీర్మానం రాసి, లెక్క చూపి పని చేయడం. రోటరీలో ఒక్కో వృత్తి నుంచి ఒక్కరినే తీసుకోవాలన్న పాత నియమం వెనుక ఉన్న ఆలోచన అదే.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఈ పద్ధతి విలువ తెలిసింది. వేలమంది ఒక్క రాత్రిలో కొట్టుకుపోయారు. మండలి వెంకట కృష్ణారావు గారి వంటి నాయకులు, రామకృష్ణ మిషన్ వంటి సంస్థలు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన స్వచ్ఛంద సంఘాలు అక్కడ పని చేశాయి. అలాంటి వేళ బట్టలు, బియ్యం పోగుచేయడం ఎవరైనా చేస్తారు. ఏ ఊరికి ఏం చేరింది, ఏం చేరలేదు అని రాసిపెట్టి సర్దగలిగేది ముందునుంచీ కలిసి పనిచేసే అలవాటు ఉన్నవాళ్ళే.

బల్ల మీది గంట

క్లబ్బు సమావేశం బయటివాళ్ళకు కాస్త వేడుకగా కనిపిస్తుంది. అధ్యక్షుడి మెడలో కాలరు, బల్ల మీద గంట, చిన్న సుత్తి. గంట కొడితే సభ మొదలు, మళ్ళీ కొడితే ముగింపు. జాతీయగీతం, కార్యదర్శి నివేదిక, కోశాధికారి లెక్క, అతిథి ప్రసంగం, పుట్టినరోజుల శుభాకాంక్షలు, చివర భోజనమో టిఫినో. లయన్స్‌లో టెయిల్ ట్విస్టర్ అనే పదవి ఒకటుంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళకూ బ్యాడ్జీ పెట్టుకోనివాళ్ళకూ సరదాగా జరిమానా వేసి నవ్వించడం ఆయన పని. ఆ జరిమానా డబ్బు మంచి పనికే వెళ్తుంది.

రోటరీలో హాజరుకు పెద్ద పట్టింపు ఉండేది. మన ఊళ్ళో సమావేశం తప్పితే, క్యాంపుకు వెళ్ళిన ఊళ్ళోని క్లబ్బుకు వెళ్ళి ఆ హాజరును సరిపెట్టుకోవాలి. ఇప్పుడు నియమాలు సడలించారు, నెలకు కనీసం రెండుసార్లు కలిస్తే చాలు. జూలై 1న కొత్త సంవత్సరం, కొత్త అధ్యక్షుడు. ఎంత సమర్థుడైనా ఏడాది కాగానే కుర్చీ దిగాలి. 1932లో హెర్బర్ట్ టేలర్ అనే అమెరికా వ్యాపారి రూపొందించిన నాలుగు ప్రశ్నల పరీక్ష చాలా క్లబ్బుల గోడల మీద ఉంటుంది. చేసే పని సత్యమా, అందరికీ న్యాయమా, స్నేహాన్ని పెంచుతుందా, అందరికీ మేలు చేస్తుందా అన్నది దాని సారాంశం.

మన బడిలో ఆ రోజుల్లో పనిచేసిన ఒక లెక్కల మాస్టారు క్లబ్బు కార్యదర్శిగా ఉండేవారు. మినిట్స్ పుస్తకం ఆయన చంకలో ఉండేది. శిబిరం ఖర్చు రాసేటప్పుడు అరటిపండ్ల డజన్ల లెక్క కూడా వదిలేవారు కాదు. బడిలో చెప్పిన కూడికలకు బయట ఏం పని ఉందో ఆ పుస్తకం చూసి నాకు కొంత అర్థమైంది.

బెంచీలే మంచాలు

1980లలో కంటి శిబిరమంటే శస్త్రచికిత్స కూడా ఊళ్ళోనే. చలికాలంలో పెట్టేవారు. తరగతి గదుల్లో బెంచీలు జతచేసి మంచాలుగా వేసేవారు, ఒక గదిని సున్నం కొట్టి, కడిగి ఆపరేషన్ గదిగా మార్చేవారు. పల్లెల నుంచి అవ్వలూ తాతలూ బండ్ల మీద వచ్చేవారు. పెద్ద తరగతుల పిల్లలం నీళ్ళు మోయడం, చేయి పట్టుకుని నడిపించడం, చీటీ మీద పేరు రాయడం చేసేవాళ్ళం. కంటికి కట్టుతో పడుకున్న ముసలమ్మ ఒకావిడ, నీళ్ళందించిన ప్రతి పిల్లవాణ్ణీ "ఎవరి అబ్బాయివి నాయనా?" అని అడిగేది.

అప్పటి పద్ధతిలో ముసురుకున్న కటకాన్ని పూర్తిగా తీసేసేవారు, దాని స్థానంలో ఏమీ పెట్టేవారు కాదు. అందుకే తర్వాత సోడాబుడ్డి అద్దాలు తప్పేవి కావు. ఆ జోడు పగిలితే మనిషి మళ్ళీ గుడ్డివాడే. కంటి లోపలే కృత్రిమ కటకం అమర్చే పద్ధతి వ్యాపించాక ఆ అవస్థ తీరింది. కానీ దానికి మైక్రోస్కోపు, శుభ్రమైన థియేటరు కావాలి. ప్రపంచబ్యాంకు సాయంతో 1994 నుంచి 2002 వరకు 7 రాష్ట్రాల్లో సాగిన శుక్లాల నివారణ ప్రాజెక్టులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆ కాలంలోనే శస్త్రచికిత్సలు బడుల నుంచి ఆసుపత్రులకు మారాయి. హైదరాబాదులో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటివి పల్లెల దాకా కంటి కేంద్రాలు విస్తరించాయి. దీంతో క్లబ్బుల పని కూడా మారింది. రోగిని వెతికి పట్టుకోవడం, భయం పోగొట్టడం, బస్సులో తీసుకెళ్ళి తిరిగి ఇంట్లో దింపడం వాళ్ళ వంతు అయింది. కత్తి పట్టే డాక్టరు ఎంత ముఖ్యమో, అవ్వను బస్సెక్కించే మనిషీ అంతే ముఖ్యం.

పోలియో ఆదివారాలు

క్లబ్బుల చరిత్రలో అన్నిటికంటే పెద్ద అధ్యాయం పోలియో. 1985లో రోటరీ పోలియోప్లస్ పేరుతో ఈ పనికి పూనుకుంది. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్మూలన లక్ష్యం ప్రకటించే నాటికి 125 దేశాల్లో ఏడాదికి సుమారు 3,50,000 మంది పిల్లలు పక్షవాతం బారిన పడుతున్నారు. మన దేశంలో 1995 నుంచి పల్స్ పోలియో ఆదివారాలు మొదలయ్యాయి.

మన బడి వరండా కూడా బూత్ అయింది. చుక్కలు వేసి ఎడమచేతి చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టేవారు. పైకి చాలా సులువైన పని. వెనుక మాత్రం పెద్ద యంత్రాంగం నడవాలి. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఐసుప్యాకులున్న పెట్టెలో బూత్‌కు చేరాలి. సీసా మీద ఒక చిన్న చతురం ఉంటుంది. వేడి తగిలేకొద్దీ అది నల్లబడుతుంది, చుట్టూ ఉన్న వృత్తం రంగుకు చేరితే ఆ సీసా పారేయాల్సిందే. ఆదివారం తర్వాత రెండు మూడు రోజులు ఇల్లిల్లూ తిరగాలి. గోడ మీద సుద్దతో గుర్తు వేయాలి, పిల్లలు తప్పిపోయిన ఇంటికి మళ్ళీ వెళ్ళాలి. ఇది ప్రభుత్వ కార్యక్రమం, భారం మోసింది ఏఎన్ఎంలు, అంగన్‌వాడీ కార్యకర్తలు. క్లబ్బులు వాళ్ళకు బ్యానర్లు, భోజనాలు, వాహనాలు, బూత్ దగ్గర కూర్చునే మనుషులను అందించాయి.

2009లో దేశంలో 741 కేసులు, 2010లో 42, 2011లో ఒక్కటి. ఆ ఒక్కటి జనవరి 13న పశ్చిమబెంగాల్‌లోని హౌరా జిల్లాలో. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియోరహితమని ధ్రువీకరించారు. చివరి కేసును ఆపడానికి పట్టిన ఓపిక, మొదటి లక్ష కేసులను ఆపడానికి పట్టినదానికంటే తక్కువ కాదు. మన తరగతిలో కాలికి ఇనుప పట్టీతో వచ్చిన మిత్రుణ్ణి గుర్తుచేసుకోండి. ఇవాళ ఏ తరగతి గదిలోనూ ఆ వయసు పిల్లవాడికి ఆ కారణంగా ఆ పట్టీ లేదు.

చెప్పుకోవలసిన లోపాలు

మెచ్చుకోళ్ళతో ఆగితే చరిత్ర కాదు. ఈ క్లబ్బులు చాలాకాలం మగవాళ్ళవే. 1977లో కాలిఫోర్నియాలోని డ్యువార్టె క్లబ్బు మహిళలను చేర్చుకుంటే రోటరీ ఆ క్లబ్బునే తొలగించింది. వివాదం అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్ళింది, 1987లో తీర్పు మహిళల పక్షాన వచ్చింది. 1989లో రోటరీ నియమావళి ప్రపంచమంతటా మారింది. తొలి మహిళా అంతర్జాతీయ అధ్యక్షురాలు రావడానికి మాత్రం 2022 దాకా పట్టింది. లయన్స్‌లో 2018లోనే వచ్చారు.

రెండోది ఖర్చు. చందా, భోజనం, ప్రమాణస్వీకార వేడుక కట్టుకోలేని వాళ్ళకు ఆ బల్ల దగ్గర చోటు తక్కువ. మూడోది ఏడాది పదవి. కుర్చీ ఎవరికీ శాశ్వతం కాకపోవడం మంచిదే. కానీ ప్రతి కొత్త అధ్యక్షుడికీ తన పేరు మీద కొత్త ప్రాజెక్టు కావాలి, నిరుటి ప్రాజెక్టును చూసేవాళ్ళుండరు. ఊళ్ళల్లో దాతలు పెట్టించిన నీటిశుద్ధి ప్లాంట్లు చాలా చూశాను. శిలాఫలకం మెరుస్తుంటుంది, మెంబ్రేన్ మార్చేవాళ్ళు లేక ప్లాంటు మూలపడి ఉంటుంది. మా వృత్తిలో ప్రారంభోత్సవం ఫొటోలో అందరూ ఉంటారు, మెయింటెనెన్స్ రిజిస్టరులో సంతకం ఒక్కరిదే ఉంటుంది. యంత్రాన్ని బతికించేది ఆ సంతకం.

మన ముందున్న పని

స్వర్ణోత్సవ నిధితో ఏం చేయాలన్న చర్చ మన సంఘంలో సాగుతోంది. ముఖద్వారం కట్టాలని కొందరు, వేదిక కట్టాలని కొందరు అంటున్నారు. కట్టడాలు కట్టి బతికేవాణ్ణి, వాటిని చిన్నచూపు చూడను. కానీ ద్వారానికి ఒక్కసారి డబ్బు చాలు. మన సంఘం దగ్గర అంతకంటే అరుదైనది ఒకటుంది. ఏ బ్యాచ్ ఎవరిదో, ఎవరు ఎక్కడున్నారో తెలిసిన 50 ఏళ్ళ పట్టిక. వృత్తికొక్కరు చొప్పున క్లబ్బులు కష్టపడి పోగేసిన మనుషులు మనకు ఊరికే దొరికారు.

నా ప్రతిపాదన చిన్నది. పిల్లల కంటి చూపు పరీక్షలు ప్రభుత్వాలు చేస్తున్నాయి. తెలంగాణలో 2018లో కంటి వెలుగు, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వైఎస్సార్ కంటి వెలుగు మొదలయ్యాయి, ఆంధ్రలో తొలి విడత బడిపిల్లలకే. అద్దాలు ఇస్తారు. ఆరునెలల తర్వాత ఆ అద్దాలు పగిలాయా, పిల్లకు చిన్నవయ్యాయా, స్నేహితులు ఎగతాళి చేస్తున్నారని సంచీలో దాచేసిందా అని చూసేది ఎవరు? 6 మీటర్ల దూరంలో అక్షరాల పట్టిక పెట్టి చూపు పరీక్షించడం ఉపాధ్యాయులు నేర్చుకోగలిగిన పని. బోర్డు కనిపించక వెనకబడిన పిల్లను మందబుద్ధి అనడం మనమందరం విన్నాం. మన బడిలో ప్రతి ఏడాది జూలైలో ఒకసారి, జనవరిలో ఒకసారి పరీక్ష జరగాలి. ఒక్కో ఏడాది ఒక్కో బ్యాచ్ బాధ్యత తీసుకోవాలి. కొత్త బ్యాచ్ తన పని మొదలుపెట్టే ముందు పాత బ్యాచ్ రిజిస్టరు తెరిచి, అందులో మిగిలిపోయిన పేర్లను ముందు పూర్తిచేయాలి. ఈ ఒక్క నియమం ఉంటే ఏడాది పదవి జబ్బు మనకు అంటదు.

దీనికి పెద్ద నిధి అక్కరలేదు. ఒక రిజిస్టరు, ఒక అక్షరాల పట్టిక, ఒక కళ్ళజోళ్ళ దుకాణంతో ఒప్పందం, పిలిస్తే వచ్చే పదిమంది చాలు. స్వర్ణోత్సవ సభలో ఈ తీర్మానం పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. గురువులు ఆశీర్వదిస్తే మొదటి ఏడాది బాధ్యత మా బ్యాచ్ తీసుకుంటుంది.