చెరువు ఎండితే వాన పోతుందా?

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. 1973 నుండి ముప్పై అయిదేళ్లు నల్లగొండ, పాలమూరు జిల్లాల రెవెన్యూ కార్యాలయాల్లో పహాణీలు తిరగేసినవాణ్ణి గనుక చెరువుల గురించి నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

"చెరువులు పోయినయి, అందుకే వానలు పోయినయి" అని మన ఊళ్లలో అంటుంటారు. నేనూ చాలాకాలం అదే నమ్మాను. నిజానికి మన వానలో అధికభాగం నైరుతి రుతుపవనాలు సముద్రాల మీదుగా మోసుకొచ్చేదే. మన చెరువుల నుండి లేచే ఆవిరి అందులో స్వల్పం. మధ్య ఆసియాలోని అరల్ సముద్రం 1960లో సుమారు 68 వేల చదరపు కిలోమీటర్లుండేది. అది కుంచించుకుపోయాక ఆ తీరాల్లో వేసవి వేడి, శీతకాలపు చలి రెండూ పెరిగాయి. అంత పెద్ద జలాశయం సంగతి వేరు. మన చెరువు చుట్టుపక్కల గాలిని కాస్త చల్లబరచగలదేగాని రుతుపవనాన్ని పిలువలేదు. 1972లో మన చెరువులు ఇప్పటికంటే నయంగానే ఉండేవి. అయినా కరువు తప్పలేదు.

మరి చెరువు చేసే మేలేమిటి? పడిన వానను నిలపడం. మన నేల కింద ఉన్నది గ్రానైటు రాయి, నీటిని ఎక్కువగా దాచుకోదు. ఈ సంగతి మన పూర్వులు ఎరుగుదురు. పానగల్లు నుండి ఏలిన కందూరు చోడుల కాలంలో ఉదయసముద్రం వెలిసింది. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు పిల్లలమర్రి ప్రాంతంలో గుళ్లూ చెరువులూ కట్టించారు. ఎగువ చెరువు అలుగు పారితే దిగువది నిండేది. కట్ట కింద బావులు ఊరేవి.

1984లో పట్వారీల వ్యవస్థ రద్దయింది. నీరటికాండ్రూ క్రమంగా కనుమరుగయ్యారు. పూడిక పెరిగింది, బోర్లు లోతుకు దిగాయి. నల్లగొండ ప్రాంతంలో ఆ లోతు నీళ్లతో ఫ్లోరైడు కూడా పైకొచ్చింది.

ఇందులో నా పాలూ ఉన్నది. ఒక ఊరి చెరువు శికంలో నీరు తగ్గినప్పుడు ఒకరిద్దరు సాగు చేశారు. ఆ పేర్లు పహాణీలో ఎక్కాయి. మరుసటేడు నేను వాటినే ఎత్తివ్రాశాను, ఆపై ఏడూ అంతే. ఎవరినీ అడగలేదు. కొన్నేళ్లకు ఆ ఊరికి వెళితే, పొలాలు మునగకుండా అలుగు పగలగొట్టి ఉన్నది. కట్ట కింది బావులు ఎండిపోయాయి. ఆ రైతులు కూలికి బొంబాయి బస్సెక్కారు. వాన ఆ ఏడు తక్కువేమీ కాదు. నిలిచే చోటే లేకపోయింది.

2015లో మిషన్ కాకతీయ పేరిట పూడికలు తీశారు. ఉదయసముద్రానికి నేడు కృష్ణా నీరు వస్తున్నది. సంతోషం. కాని ప్రతి కుంటకూ కృష్ణమ్మ రాదు.

మిత్రులారా, ఏ సర్వే నంబరు శికమో, పాత హద్దు ఎక్కడో మనకు తెలిసినంత నేటి పిల్లలకు తెలియదు. ఓపిక ఉన్నంతలో మీ ఊరి చెరువు హద్దులు వారికి చూపించండి. వాన మన చేతిలో లేదు, చెరువు ఉన్నది.